మెక్ డిజైన్‌లో అపోహలు - వాస్తవాలు: ముందు తూకం, తర్వాతే తుపాకీ

కొత్తగా బ్యాటిల్‌టెక్ ఆటలోకి వచ్చినవాళ్లు నాకు చూపించే మొదటి డిజైన్ దాదాపు ఒకేలా ఉంటుంది. వంద టన్నుల యంత్రం, రెండు వైపులా పెద్ద తుపాకులు, భుజాల మీద మిసైళ్లు. కవచం దగ్గరికి వచ్చేసరికి మిగిలింది నాలుగైదు టన్నులు. ఆ కాగితం ఇచ్చి ఆశగా నా ముఖంలోకి చూస్తారు. వాళ్ల ఉత్సాహం నీరుగార్చడం నాకు ఇష్టం ఉండదు. అందుకే పెన్సిల్ తీసుకుని పక్కన కూర్చుంటాను. అలా కూర్చున్నప్పుడు పదే పదే చెప్పాల్సి వచ్చిన మాటలే ఇవన్నీ.

ఇది మ్యాప్, పాచికలతో ఆడే టేబుల్ ఆట. 1984లో అమెరికాలో ఫాసా అనే సంస్థ దీన్ని బ్యాటిల్‌డ్రాయిడ్స్ పేరుతో తెచ్చింది. డ్రాయిడ్ అనే మాట మీద లూకాస్‌ఫిల్మ్‌కి హక్కులు ఉండటంతో 1985లో ఇప్పటి పేరు పెట్టారు. ఇప్పుడు క్యాటలిస్ట్ గేమ్ ల్యాబ్స్ ప్రచురిస్తోంది. షట్కోణాల గళ్లున్న మ్యాప్ మీద ఆడతాం. ఒక్కో గడిని హెక్స్ అంటాం, అది 30 మీటర్లకు లెక్క. ఒక్కో టర్న్ 10 సెకన్లు. తగిలిందా లేదా అన్నది రెండు పాచికలు తేలుస్తాయి. మనిషి లోపల కూర్చుని నడిపే పెద్ద యంత్రాలే మెక్‌లు. 20 నుంచి 100 టన్నుల వరకు, 5 టన్నుల తేడాతో ఉంటాయి. డిజైన్ రూల్స్ అందరికీ తెరిచే ఉన్నాయి కాబట్టి ఎవరి మెక్ వాళ్లు కట్టుకోవచ్చు.

అపోహ: ఎంత బరువైతే అంత బలం

మా ఆదివారం ఆటకు కొత్తగా వచ్చిన ఒక అబ్బాయి షీట్లన్నీ తిరగేసి ఛార్జర్ అనే మెక్‌ని పట్టుకున్నాడు. "అన్నా, 80 టన్నులు, పైగా పరిగెడితే 8 హెక్సులు. ఇదే నాది" అన్నాడు. తుపాకుల గడి చూడమన్నాను. అయిదు స్మాల్ లేజర్లు, అంతే. అన్నీ తగిలితే 15 పాయింట్ల డ్యామేజీ, అదీ 3 హెక్సుల లోపు. పైన పటారం, లోన లొటారం.

ఎందుకలా అయిందో లెక్క చూడండి. ఇంజన్ రేటింగ్ అంటే బరువుని నడక వేగంతో హెచ్చించగా వచ్చేది. 80 టన్నులు టర్న్‌కి 5 హెక్సులు నడవాలంటే 80 × 5 = 400. మామూలు ఇంజన్లలో అదే గరిష్ఠం. ఇంజన్ బరువు మాత్రం రేటింగ్‌తో పాటు సమంగా పెరగదు. 200 రేటింగ్ ఇంజన్ 8.5 టన్నులు, 300 అయితే 19, 400 అయితే 52.5 టన్నులు. ఛార్జర్‌లో అస్థిపంజరం 8, ఇంజన్ 52.5, తూలకుండా నిలబెట్టే గైరో 4, పైలట్ కూర్చునే కాక్‌పిట్ 3. అక్కడికే 67.5 అయిపోయింది. కవచానికి 10 టన్నులు, లేజర్లకు 2.5, మొత్తం 80. టన్నుకి 16 పాయింట్ల లెక్కన కవచం 160 పాయింట్లు. 50 టన్నుల హంచ్‌బ్యాక్‌కి కూడా సరిగ్గా 160 పాయింట్లే. బలాన్ని అంకెల్లో చెప్పే బ్యాటిల్ వాల్యూలో అయితే హంచ్‌బ్యాక్‌కి 1041, ఛార్జర్‌కి 981.

ఆ అబ్బాయితోనే పెన్సిల్ పట్టించి మార్పించాను. నడక 5 నుంచి 4కి తగ్గించాం. ఇంజన్ 320 అయింది, బరువు 22.5. ఒక్క మెట్టు వేగం వదులుకుంటే 30 టన్నులు చేతికొచ్చాయి! స్మాల్ లేజర్లు తీసేస్తే ఇంకో 2.5. ముందు కవచాన్ని 15.5 టన్నులకు పెంచాం. 80 టన్నుల మెక్‌కి అనుమతి ఉన్నది 247 పాయింట్లు, అది పూర్తిగా నిండింది. మిగిలిన 27 టన్నుల్లో ఏసీ-20 ఆటోకెనాన్‌కి 14, దాని గుళ్లకు 2, మీడియం లేజర్లు నాలుగు, వేడిని లాగేసే హీట్ సింకులు ఏడు (ఈ రెండూ ఒక్కోటి ఒక టన్ను). మొత్తం సరిగ్గా 80. దగ్గర నుంచి అన్నీ తగిలితే 40 పాయింట్ల డ్యామేజీ.

పోగొట్టుకున్నదీ ఉంది. మామూలు పైలట్ గురి 4, అంటే ఏ ఇబ్బందీ లేకపోతే పాచికల మీద 4 పడితే చాలు. తను నడుస్తూ మధ్య దూరం నుంచి కొడితే 7 లేదా అంతకన్నా ఎక్కువ పడాలి, అంటే 58 శాతం అవకాశం. ఎదుటి మెక్ పాత ఛార్జర్‌లా 7 హెక్సులు కదిలి ఉంటే 10 పడాలి, 17 శాతమే. మేం మార్చినదానిలా 5 లేదా 6 హెక్సులైతే 9 పడాలి, 28 శాతం. కాబట్టి పాత ఛార్జర్‌కి ఆ వేగం కూడా ఒక కవచమే. కాకపోతే అడవి గడిలోకి దిగితే అదనపు పాయింటు పోతుంది, తిరిగితే ఒకటి పోతుంది. కాగితం మీది 8 హెక్సులు మ్యాప్ మీద 5 అయిపోవడం ప్రతి ఆటలోనూ చూస్తున్నాను.

అపోహ: కవచం చివర్లో, మిగిలిన టన్నులతో వేయొచ్చు

చాప ఉన్నంతవరకే కాళ్లు చాపాలి. ఆ చాప ఎంతో ముందు తెలియాలి కదా. నా వరుస ఇది: ఈ మెక్ మ్యాప్ మీద ఏం పని చేయాలి, దానికి ఎంత వేగం కావాలి, తర్వాత కవచం, ఆ పైన మిగిలినదానితో తుపాకులు. ముందు తుపాకులు ఎంచుకుంటే ఏదీ వదలబుద్ధి కాదు, ప్రతిసారీ కోత కవచానికే పడుతుంది. వీపు వైపు కూడా కనీసం 6 పాయింట్లు ఉంచండి. ఒక మీడియం లేజర్ 5 తీసేసినా లోపలికి దారి తెరుచుకోదు.

అపోహ: తేలికైన తుపాకీ చవక

దీన్ని నేను కూడా చాలాకాలం నమ్మాను. గుళ్లు అక్కర్లేని పీపీసీ అనే తుపాకీ 7 టన్నులు, ఏసీ-10 ఆటోకెనాన్ 12 టన్నులు. రెండింటి దెబ్బా 10 పాయింట్లే. పీపీసీ దూరం కూడా ఎక్కువ. అలాంటప్పుడు 12 టన్నులు ఎవరు పెడతారు అనిపిస్తుంది.

వేడిని కలపండి. పీపీసీ పేలిన ప్రతిసారీ 10 పాయింట్ల వేడి. ఒక టన్ను హీట్ సింక్ ఒక పాయింటు లాగేస్తుంది. అంటే 7 + 10 = 17 టన్నులు. ఏసీ-10 వేడి 3. 12 టన్నుల తుపాకీ, 3 సింకులు, ఒకటో రెండో టన్నుల గుళ్లు: 16 లేదా 17. తేడా ఎక్కడికి పోయింది? ఇంజన్‌తో పాటు 10 సింకులు ఉచితంగా వస్తాయి కాబట్టి మొదటి పీపీసీ నిజంగానే 7 టన్నులకు వస్తుంది. రెండోది 17. మూడోది కూడా 17. మూడు పీపీసీలు, పది సింకులు అని రాసి తెచ్చేవాళ్లకు నేను చూపించేది ఈ ఒక్క లెక్కే.

వేడి మిగిలిపోతే ఏమవుతుందో కూడా గుర్తుంచుకోండి. 5కి చేరితే నడక తగ్గుతుంది, 8కి గురి చెడుతుంది, 14కి మెక్ ఆగిపోకుండా పాచికలు వేయాలి, 19కి లోపలి గుళ్లు పేలకుండా వేయాలి. 30 అయితే మెక్ దానంతట అదే ఆగిపోతుంది. అందుకే మిగులు 4 దాటకుండా చూస్తాను. పైన మార్చిన ఛార్జర్ పరిగెడుతూ అన్నీ పేలిస్తే 21 పాయింట్ల వేడి, సింకులు 17, మిగులు సరిగ్గా 4. అది అనుకోకుండా వచ్చిన అంకె కాదు.

అపోహ: గుళ్లు ఎంత ఎక్కువ ఉంటే అంత మంచిది

నా మొదటి సొంత డిజైన్ 55 టన్నులది. రెండు మెషీన్ గన్‌లు పెట్టి, ఒక టన్ను గుళ్లు కుడి ఛాతీలో ఉంచాను. ఆ ఛాతీలో ఇంకేమీ లేదు. ఒక టన్ను అంటే 200 గుళ్లు. మూడో టర్న్ అయ్యేసరికి 6 వాడాను. అప్పుడు ఒక లేజర్ ఆ ఛాతీ కవచాన్ని దాటి లోపలికి దిగింది. ఎదుటి అతను క్రిటికల్ కోసం పాచికలు వేస్తే 8 పడింది, అంటే లోపల ఒక వస్తువు దెబ్బతినాలి. ఏ వస్తువన్నది షీట్‌లో ఆ భాగానికి ఉన్న గడుల్లోంచి పాచికలు తేలుస్తాయి, ఖాళీ గడి పడితే మళ్లీ వేయాలన్నది రూల్. ఆ ఛాతీలో నిండిన గడి ఒక్కటే. ఎన్నిసార్లు వేసినా చివరికి అక్కడికే చేరాలి. మిగిలిన 194 గుళ్లు, ఒక్కోటి 2 పాయింట్లు, 388 పాయింట్లు లోపలే పేలాయి. రెండు వారాలు సాయంత్రాలు కూర్చుని రంగు వేసిన మెక్ మూడో టర్న్‌లో మ్యాప్ దిగింది. ఆ రాత్రి షీట్ ముందు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను.

ఆ రోజు నేర్చుకున్నవి ఇప్పటికీ వదల్లేదు. మెషీన్ గన్ గుళ్లు అర టన్ను కూడా తీసుకోవచ్చు, అదే ఎక్కువ. గుళ్లను ఒంటరిగా ఉంచకూడదు. చుట్టూ హీట్ సింకులు, లేజర్లు పెడితే దెబ్బ వాటిలో దేనికో పడే అవకాశం పెరుగుతుంది. ఆటలో మీరు ఎంచుకున్న కథాకాలంలో కేస్ అనే రక్షణ పెట్టె దొరికితే అర టన్ను పెట్టి కొనేయండి, ఆలోచించకండి. గుళ్లే అక్కర్లేని డిజైన్ కూడా ఒక దారి.

అపోహ: కంపెనీ ఇచ్చిన డిజైన్లు చెత్త, ఎవరైనా ఇంతకంటే బాగా చేస్తారు

ఈ మాట నన్ను బాధపెడుతుంది. ఆ డిజైన్లలో లోపాలు చాలావరకు కావాలనే ఉంచినవి. ఒక్కో లోపం ఆటలో ఒక నిర్ణయం తీసుకోమంటుంది. హంచ్‌బ్యాక్ 4జిని తీసుకోండి. కుడి ఛాతీలో ఏసీ-20, మిగతా చోట్ల దాని పది గుళ్లు, రెండు మీడియం లేజర్లు, ఒక స్మాల్ లేజర్. ఆటోకెనాన్ 9 హెక్సులు దాటి కొట్టలేదు. కుడి ఛాతీ పోతే సగం పైన బలం పోతుంది. కానీ తల కవచం 9, ఎముక 3, మొత్తం 12 మాత్రమే కాబట్టి ఒక్క ఏసీ-20 దెబ్బ తలకు తగిలితే ఎంత పెద్ద మెక్ అయినా అయిపోయినట్టే. అందుకే ఆ హంచ్‌బ్యాక్ మలుపు తిరిగి కనిపిస్తే వంద టన్నుల అట్లాస్ నడిపేవాళ్లకు కూడా టెన్షన్ మొదలవుతుంది.

దాని తమ్ముడు 4పి. ఆటోకెనాన్, గుళ్లు కలిపి 16 టన్నులు తీసేసి, ఆ చోట ఆరు మీడియం లేజర్లు, పది హీట్ సింకులు పెట్టారు. మొత్తం ఎనిమిది మీడియం లేజర్లు, 23 సింకులు. గుళ్లు లేవు, పేలుడు భయం లేదు. డ్యామేజీ మొత్తం కూడా ఎక్కువే. కానీ అది అయిదేసి పాయింట్లుగా ఒళ్లంతా చెదిరిపోతుంది, తల ఒక్క దెబ్బతో ఎగరదు. కస్టమైజ్ చేయడం నేర్చుకోవాలంటే ఈ రెండు షీట్లు పక్కపక్కన పెట్టుకుని ఒక సాయంత్రం చూడండి.

అపోహ: ఎక్స్‌ఎల్ ఇంజన్ అంటే ఉచితంగా టన్నులు

ఎక్స్‌ఎల్ అంటే తేలిక రకం ఇంజన్. బరువు సగమే, నిజమే. కానీ ఆట కథలో ఇన్నర్ స్ఫియర్, క్లాన్ అని రెండు పక్షాలున్నాయి, వాటి ఇంజన్లు వేరు. ఇన్నర్ స్ఫియర్ ఎక్స్‌ఎల్ రెండు పక్క ఛాతీల్లోనూ మూడేసి గడులు ఆక్రమిస్తుంది. ఇంజన్‌కి మూడు దెబ్బలు తగిలితే మెక్ పోయినట్టే కాబట్టి, ఒక పక్క ఛాతీ పోతే కథ అక్కడితో అయిపోతుంది. క్లాన్ ఎక్స్‌ఎల్ రెండేసి గడులే తీసుకుంటుంది, ఒక పక్క పోయినా నిలబడుతుంది. వెనక నుంచి దూరంగా కొట్టే మెక్‌కి పెట్టండి. ముందు వరసలో నిలబడి దెబ్బలు తినే మెక్‌కి వద్దు.

అపోహ: సాఫ్ట్‌వేర్ ఒప్పుకుంటే అందరూ ఒప్పుకోవాలి

మెగామెక్‌ల్యాబ్ అనే మెక్ డిజైన్ సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. టన్నులు, గడులు సరిచూస్తుంది, బ్యాటిల్ వాల్యూ లెక్క వేస్తుంది, షీట్ ప్రింట్ ఇస్తుంది. రోజూ వాడతాను. కానీ అది చెప్పేది డిజైన్ రూల్స్‌కి లోబడి ఉందని మాత్రమే. ఎదుటివాళ్లకు సరదాగా ఉంటుందా అన్నది అది చెప్పలేదు. బ్యాటిల్ వాల్యూ కూడా మంచి కొలతే కానీ పూర్తి కొలత కాదు. ఒక్క పాయింటు వృథా కాకుండా పిండిన సొంత మెక్‌ని, అదే విలువున్న అధికారిక మెక్‌తో పోటీకి దించితే చాలాసార్లు రెండోది నలుగుతుంది.

కాబట్టి ఆటకు రెండు రోజుల ముందే షీట్ పంపండి. వద్దంటే మామూలు మెక్ తెచ్చుకోండి. మా బృందంలో ఇంకో కట్టుబాటు ఉంది: కస్టమ్ మెక్ తెచ్చినవాళ్లు, ఎదుటివాళ్లు కోరితే దాన్ని వాళ్లకే ఇచ్చి ఆడాలి. ఇది పెట్టిన తర్వాత మా డిజైన్లు చాలా మారాయి. వరుస యుద్ధాల క్యాంపెయిన్ ఆడుతుంటే రీఫిట్ రూల్స్ కూడా ఉన్నాయి. ఏ నుంచి ఎఫ్ వరకు తరగతులు. చిన్న మార్పు మైదానంలోనే చేసుకోవచ్చు, మెట్లు ఎక్కేకొద్దీ వర్క్‌షాప్, చివరికి ఫ్యాక్టరీ కావాలి. రాత్రికి రాత్రి ఇంజన్ మార్చేస్తానంటే కుదరదు.

అపోహ: మార్చిన తుపాకీ బొమ్మ మీద కూడా కనిపించాలి, బొమ్మ లేకపోతే ఆటే లేదు

ఈ ఆటలో లెక్క షీట్‌దే, బొమ్మది కాదు. బొమ్మ చేతిలో లేజర్ ఉండి షీట్‌లో పీపీసీ ఉంటే పీపీసీయే. నాకు మాత్రం మార్చడం ఇష్టం. పాత గొట్టాన్ని పదునైన బ్లేడుతో నెమ్మదిగా, రెండు మూడు గీతల్లో కోస్తాను. ఒకేసారి నొక్కితే చెయ్యే విరిగిపోతుంది. మొదలు దగ్గర చేతి డ్రిల్‌తో మిల్లీమీటరు రంధ్రం చేసి, పేపర్ క్లిప్ తీగ ముక్క దించి, కొత్త గొట్టాన్ని దాని మీద అతికిస్తాను. తీగ లేకుండా ఉత్త జిగురుతో అతికిస్తే మూడో ఆటకు ఊడిపోతుంది.

బయటి దేశం నుంచి పెట్టె తెప్పించుకోవాలంటే కొరియర్, కస్టమ్స్ కలిపి భారమే. మేం హైదరాబాద్‌లో మొదటి ఏడాదంతా అట్టముక్కలతోనే ఆడాం. పెళ్లి శుభలేఖల అట్ట అయితే గట్టిగా నిలబడుతుంది. హెక్స్ ఆకారంలో కత్తిరించి, పైన మెక్ పేరు రాసి, ముఖం ఎటు ఉందో తెలిసేలా ఒక అంచున ఎర్ర స్కెచ్ పెన్‌తో బాణం గీయండి. బాణం మాత్రం మర్చిపోవద్దు. ముందు నుంచి తగిలిందా, వీపు మీద తగిలిందా అనే తగువు దాంతోనే తీరుతుంది.