ముద్ద ఎవరు నమిలారు?

చిన్నీ,

నిన్న నువ్వు పంపిన వాయిస్ మెసేజ్ విన్నాను, అమ్మమ్మకీ వినిపించాను. "తాతయ్యా, ఫోన్లో ఎక్కాల గేమ్‌లో నాకు అన్ని స్టార్లూ వచ్చేశాయి, లెవెల్స్ కూడా అయిపోయాయి, కానీ క్లాసులో మేడమ్ లేపి ఏడెనిమిదులెంత అంటే నోట్లోంచి రాలేదు, మరి గేమ్ నాకు అబద్ధం చెప్పిందా?" అన్నావు. మీ నాన్నగారేమో ఇంక ఆ గేమ్ తీసేద్దాం అంటున్నారని, మీ అమ్మేమో అన్ని స్టార్లొచ్చిన పిల్లకి రాకపోవడమేంటి, భయపడి ఉంటుంది అంటోందని కూడా చెప్పావు. వాళ్ళిద్దరి సంగతి తర్వాత చూద్దాం.

గేమ్ అబద్ధం చెప్పలేదమ్మా. నీకూ ఏం కాలేదు. గేమ్ అడిగింది ఒకటి, మేడమ్ అడిగింది ఇంకోటి, పైకి చూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి అంతే.

నీ చిన్నప్పుడు నీకు అన్నం తినిపించడమంటే మా ఇంట్లో పెద్ద తతంగం. అమ్మమ్మ పప్పన్నంలో నెయ్యేసి మెత్తగా కలిపి, గిన్నె పట్టుకుని నిన్ను చంకనేసుకుని డాబా మీదకి తీసుకెళ్ళేది, అదిగో చందమామ అనేది, నువ్వు నోరు తెరుచుకుని పైకి చూసేదానివి, ఇంతలో టక్కున ముద్ద లోపల పడేది. ఇది తాతయ్య ముద్ద, ఇది ఏనుగు ముద్ద, ఇది పక్కింటి పిల్లి ముద్ద అని గిన్నె ఖాళీ చేసేసేది. ఫోన్లో చదువు గేమ్ అన్నా అదే అనుకో. చందమామంటే ఆ రంగులూ, మ్యూజిక్కూ, గెంతే కోతిపిల్లా, స్టార్లూ. ముద్దంటే ఎక్కం. చందమామ లేకపోతే నువ్వు నోరే తెరిచేదానివి కాదు కాబట్టి చందమామ మీద నాకేం కోపం లేదు, కాకపోతే నీ కడుపు నింపింది మాత్రం చందమామ కాదు కదా.

ఇంకొంచెం విను. అమ్మమ్మ ముద్ద సైజు చూసి పెట్టేది. మొదట గోరంత, అది గొంతు దిగాక ఇంకాస్త పెద్దది, నీ మొహం అదోలా అయితే మళ్ళీ చిన్నది. మంచి గేమూ అంతే, వరసగా కరెక్ట్ చెప్తుంటే కష్టం పెంచుతుంది, తప్పు చెప్తే కాస్త తగ్గించి ఇంకోలా అడుగుతుంది. క్లాసు నిండా పిల్లలుంటే మీ మేడమ్ ఒక్కొక్కరికీ ఒక్కో సైజు ముద్ద ఎక్కడ చేస్తారు పాపం, ఆ పని ఫోన్ బాగా చేస్తుంది, ఒప్పుకోవాలి. పైగా తప్పు చెప్పినా ఎవరూ నవ్వరు, ఎక్కిళ్ళొస్తే కాసిని నీళ్ళు తాగి మళ్ళీ నోరు తెరవొచ్చు.

మరి నీకెక్కడ తేడా వచ్చిందంటే, నమలడం దగ్గర. సంక్రాంతికి వచ్చినప్పుడు నీ పక్కన కూర్చుని నీ గేమ్ చూశాను. పైన 7×8 అని పడింది, కింద నాలుగు బుడగలు, 15, 30, 56, 91. పదిహేనంటే కూడిక, అది కాదు, ముప్పై మరీ చిన్నది, తొంభై ఒకటి మరీ పెద్దది, నువ్వు ఠపీమని 56 కొట్టావు, స్టారొచ్చింది. ఇందులో 56ని నువ్వు తలలోంచి బయటికి తియ్యలేదు, ఎదురుగా ఉంటే గుర్తుపట్టావు. గుర్తుపట్టడం కూడా తెలివే, కాదనను. కానీ అది వేరే ఎవరో నమిలి మెత్తగా చేసి పెట్టిన ముద్ద. మేడమ్ నిన్ను లేపినప్పుడు బుడగల్లేవు, అమ్మమ్మ లేదు, కంచం నీ ముందుంది, నువ్వే కలుపుకోవాలి.

ఇక్కడ నా చిన్నప్పటి సంగతొకటి చెప్పాలనిపిస్తోంది. 1957 ఏప్రిల్ 1న మన దేశంలో డబ్బుల లెక్క మారిపోయింది. అంతకుముందు రూపాయికి పదహారణాలు, ఆ రోజు నుంచి రూపాయికి వంద నయాపైసలు. వందని పదహారుతో భాగించి చూడు, ఆరుంపావు వస్తుంది. ఆరుంపావు బిళ్ళ ఎక్కణ్ణుంచి తెస్తారు? అందుకని అణాకి ఆరు, రెండణాలకి పన్నెండు, మూడణాలకి పంతొమ్మిది, నాలుగణాలకి పాతిక అని సర్దారు. పాత బిళ్ళలూ కొత్త బిళ్ళలూ కలిసే నడిచాయి కొన్నాళ్ళు, సంతలో ఒకటే గోల. బళ్ళో మాష్టారు మాచేత ఆ లెక్కని ఎక్కంలా వల్లె వేయించేవారు, మా క్లాసులో అందరం ఊగుతూ పదహారణాల దాకా గడగడా అప్పజెప్పేసేవాళ్ళం. కానీ బెల్లం కోసం కొట్టుకెళ్తే కొట్టాయన పదకొండణాలు అనేవాడు, అణాకి ఆరు దగ్గర్నుంచి మొదలెట్టి వేళ్ళు మడుచుకుంటూ పదకొండుకి చేరేసరికి వెనకాలోళ్ళు తోసుకుని ముందుకెళ్ళిపోయేవాళ్ళు. మా అమ్మ బడి మొహం చూడలేదు. ఆవిడకి ఆ పాటంతా రాదు. పొయ్యిలోకి పుల్లలు ఎగదోస్తూనే, పన్నెండణాలంటే ముప్పావలా, డెబ్భై ఐదు, అందులో ఓ అణా తగ్గించు, అరవై తొమ్మిది, రూపాయిస్తే ముప్పై ఒకటి తిరిగి రావాలి, తెచ్చావా? అనేది. పావలాకి పాతిక, అర్ధరూపాయికి యాభై, ముప్పావలాకి డెబ్భై ఐదు, ఆ మూడే ఆవిడ గుర్తుపెట్టుకున్నది, మిగతావన్నీ వాటి దగ్గర్నుంచి అటో అడుగు ఇటో అడుగు వేసి పట్టుకొచ్చేది.

నువ్వూ అలా చెయ్యొచ్చు. ఏడేళ్ళు నలభై తొమ్మిదని నీకు బాగా వచ్చు కదా, దానికి ఇంకో ఏడు కలుపు. లేకపోతే ఐదెనిమిదులు నలభై, రెండెనిమిదులు పదహారు, రెండూ కలుపు. దారి ఏదైనా యాభై ఆరు దగ్గరికే వస్తావు. అలా దారి వెతుక్కున్నావంటే ఆ ముద్ద నువ్వే నమిలినట్టు.

అన్ని గేములూ బుడగల గేములే అనుకోకు. నార్వేలో ఒక లెక్కల మాష్టారు ఇంకొందరితో కలిసి 2012లో డ్రాగన్‌బాక్స్ అని ఒక గేమ్ తెచ్చారు. తెర రెండు భాగాలుంటుంది, ఒకవైపు ఓ పెట్టె, చుట్టూ పురుగులూ చేపలూ ఏవేవో బొమ్మల కార్డులు. పెట్టెని ఒంటరిగా మిగల్చాలి, అంతే ఆట. వెలుగు కార్డు మీద అదే బొమ్మ ఉన్న చీకటి కార్డు పెడితే రెండూ సుడి తిరిగి మాయం. ఒకవైపు ఏ కార్డు వేస్తే రెండోవైపూ అదే వెయ్యాలి. ఆడగా ఆడగా బొమ్మలు పోయి అక్షరాలూ అంకెలూ వస్తాయి, పెట్టె కాస్తా ఎక్స్ అయిపోతుంది, మీ అన్నయ్య హైస్కూల్లో తలపట్టుకుంటున్న ఆల్జీబ్రా అదేనమ్మా! అందులో చందమామా ముద్దా వేరు వేరు కావు, చందమామనే తుంచి నోట్లో పెడతారు. అయితే అది ఆడేసి నోట్‌బుక్ మీద పెన్నుతో చెయ్యకపోతే మాత్రం మళ్ళీ నీ కథే.

మీ పిన్ని కొడుకు గూగుల్ వాళ్ళ రీడ్ అలాంగ్ అనే యాప్‌తో తెలుగు కథలు చదివేవాడు. దాన్ని 2019లో మన దేశంలోనే బోలో అనే పేరుతో మొదలుపెట్టారు. దియా అని ఓ బొమ్మ పిల్ల ఉంటుంది, మనం పైకి చదువుతుంటే వింటుంది, పదం దగ్గర తడబడితే ఎలా పలకాలో చెప్తుంది. నాకు అది నచ్చింది, ఎందుకంటే అక్కడ బుడగల్లేవు, వాడి నోరే పనిచెయ్యాలి. ఒత్తులు సరిగ్గా పలికాడా లేదా అని పక్కన నేనూ చెవొగ్గి కూర్చునేవాణ్ణి.

టాంజానియా అనే దేశంలో ఇంకా పెద్ద ప్రయత్నం జరిగింది, ఇలాంటి గేములు ఎవరు బాగా చేస్తారో చూద్దామని పెట్టిన పోటీ అది. బడి మొహమే సరిగ్గా ఎరగని పిల్లలకి, సుమారు 170 ఊళ్ళలో దాదాపు 3000 మందికి, ట్యాబ్లెట్లిచ్చి అందులో స్వాహిలి భాషలో చదవడం, రాయడం, లెక్కలు నేర్పే గేములు పెట్టారు, ఛార్జింగ్‌కి ఎండతో నడిచే స్టేషన్లు. 15 నెలలయ్యాక చూస్తే ఒక్క మాట కూడా చదవలేని పిల్లలు సగానికి తగ్గారు. ఇది విని మీ అమ్మ సంతోషిస్తుంది, మిగతా సగం సంగతేంటి అని మీ నాన్నగారు అడుగుతారు. ఇద్దరూ కరెక్టే. 2019లో కిట్‌కిట్ స్కూల్, వన్‌బిలియన్ అని రెండు టీములకి ఆ పోటీ బహుమతి పంచారు.

ఇంక గిన్నె ఖాళీగా పట్టుకుని ఉత్త చందమామని చూపించే గేములున్నాయి, వాటి జోలికి వెళ్ళకు. రెండు లెక్కలకో యాడ్ వస్తుంది, ఈ వజ్రాలు కొను, ఆ టోపీ కొను అంటుంది, రాత్రి పదింటికి, రోజూ ఆడితేనే వెలిగే నీ మంట బొమ్మ ఆరిపోతోంది వచ్చెయ్ అని పిలుస్తుంది. మీ అమ్మమ్మ ఎన్ని వందల ముద్దలు పెట్టినా నీకు చందమామని అమ్మలేదు కదే!

ఇంకోటి, వెంటవెంటనే కుక్కుకోకూడదు. జర్మనీలో ఎబ్బింగ్‌హాస్ అని ఒకాయన, అర్థంపర్థం లేని అక్షరాల ముక్కల్ని తనే బట్టీపట్టి, ఎంతసేపటికి ఎంత మర్చిపోతున్నాడో రాసుకుని 1885లో పుస్తకం వేశాడు. బట్టీపట్టింది అలా జారిపోతుంటుంది కాబట్టి, ఆదివారం గంటసేపు కూర్చుని మళ్ళీ ఆదివారం దాకా ముట్టుకోకపోవడం కన్నా, రోజూ కాసేపు ఆడి, నిన్న తప్పినవి ఇవాళ ఇంకోసారి, నాలుగు రోజులాగి ఇంకోసారి చూసుకుంటే నిలుస్తాయి. మధ్యలో లోపల ఏం జరుగుతుందో గానీ, నువ్వు ఆ మాటే మర్చిపోయి పళ్ళు తోముకుంటుంటే ఏ గొడవా లేకుండా యాభై ఆరు దానంతటదే వచ్చి నిలబడుతుంది చూడు, అది భలే ఉంటుంది. నాకు ఈ వయసులోనూ ఆశ్చర్యంగానే ఉంటుంది.

సరే, ఇప్పుడు గేమ్ తెరువు. లెక్క పడగానే కింద బుడగల్ని నీ అరచేత్తో కప్పెయ్. జవాబు పైకి చెప్పు, తమ్ముడికి వినపడేలా. చెప్పాకే చెయ్యి తియ్యి. టైమ్ అయిపోయి స్టార్లు తగ్గుతాయి, తగ్గనీ. మీ నాన్నగారిని గేమ్ తీసెయ్యొద్దని నా మాటగా చెప్పి, పక్కన కూర్చుని ఒక్క ఆట ఆయన్ని కూడా చెయ్యి అడ్డం పెట్టుకునే ఆడమను, మీ అమ్మని స్కోరు రాయమను. నీకు ఏ లెక్కల దగ్గర చెయ్యి తియ్యాలనిపించిందో అవన్నీ ఓ కాగితం మీద రాసి ఫోటో పంపు. పన్నెండో ఎక్కంలో కొన్ని ఉంటాయని నా అనుమానం.

మీ తాతయ్య