మన లారీ ముందు చక్రం మూలుగుకు కారణం

చిరంజీవులకు తాత ఆశీస్సులు.

లారీ కుడివైపు ముందు చక్రంలో బేరింగులు మార్చామని మీ నాన్న ఫోనులో చెబితే, మెకానిక్ షెడ్డుకు పంపకుండా ఇంటి దగ్గర ఎందుకు చేశారని, అందుకు అంతసేపు ఎందుకు పట్టిందని అడిగారట. ఇంటి దగ్గర చేయడానికి పెద్ద కారణమేమీ లేదు. పనిముట్లు ఉన్నాయి, చింతచెట్టు నీడ ఉంది, నాకు వేరే పని లేదు. ఆలస్యానికి మాత్రం కారణం ఉంది. కొత్త బేరింగులు వేయడానికి పట్టినదాని కంటే పాతవి ఎందుకు పోయాయో తేల్చడానికి ఎక్కువ సమయం పట్టింది. అది తేలకుండా కొత్తవి వేస్తే డబ్బు దండగ, మళ్లీ ఇదే చాకిరీ.

బేరింగు అరిగిందని మొదట చెప్పేది చెవి. నెల్లూరు నుంచి అల్లూరు వైపు వచ్చేటప్పుడు లారీ వేగం అందుకుంటే ముందు నుంచి సన్నగా మూలుగు వినపడేది, వేగం తగ్గితే తగ్గేది. ఎగుడుదిగుడుగా అరిగిన టైరు కూడా ఇలాగే మోగుతుంది కాబట్టి తొందరపడకూడదు. రోడ్డు ఖాళీగా ఉన్నచోట స్టీరింగును కొద్దిగా ఎడమకు తిప్పితే బండి కుడికి ఒరుగుతుంది, కుడి చక్రం మీద భారం పెరుగుతుంది. అప్పుడు మోత హెచ్చి, కుడికి తిప్పినప్పుడు తగ్గితే అనుమానించవలసింది కుడి చక్రం బేరింగునే. మన లారీ విషయంలో అదే జరిగింది.

తర్వాత చక్రాన్ని నేల నుంచి లేపి, పైన ఒక చేయి, కింద ఒక చేయి వేసి లోపలికీ బయటికీ ఊపి చూశాను. టకటకమని ఆడింది. ఆ ఆట బేరింగుదేనని అప్పుడే తీర్మానించకండి. ముందు చక్రం కుడిఎడమలకు తిరగడానికి ఆధారమైన కింగ్ పిన్ అరిగినా ఇలాగే ఆడుతుంది. తేల్చడానికి ఒక ఉపాయం ఉంది. ఒకరు బ్రేకు తొక్కి పట్టుకోవాలి, ఇంకొకరు చక్రం ఊపాలి. బ్రేకు పట్టినప్పుడు చక్రంతో తిరిగే బ్రేకు డ్రమ్ము, ఆ చక్రాన్ని మోసే పొట్టి ఇరుసుతో ఒకటిగా బిగుసుకుంటుంది, బేరింగు ఆట కనబడదు. అప్పటికీ ఆడుతుంటే తప్పు కింగ్ పిన్‌ది. మీ అమ్మ బ్రేకు తొక్కింది, ఆట ఆగిపోయింది. ఈ పరీక్ష చేయకుండా బేరింగులు మార్చి, ఆట పోలేదని మళ్లీ విప్పేవాళ్లను చాలామందిని చూశాను.

విప్పడం గురించి చెప్పే ముందు ఒక మాట. జాకీ బండిని లేపడానికే, మోయడానికి కాదు. లేపిన వెంటనే ఇరుసు కింద ఇనుప స్టాండు పెట్టాలి. కొందరు ఇటుకలు, సిమెంటు దిమ్మెలు పెడతారు. అవి చెప్పాపెట్టకుండా పగులుతాయి. వెనుక చక్రాలకు ముందూ వెనుకా చెక్క దిమ్మెలు అడ్డం వేయాలి, చేతిబ్రేకు లాగాలి, విప్పిన చక్రాన్ని ఛాసిస్ కింద పడుకోబెట్టాలి. చక్రం నట్లను బండి నేల మీద ఉన్నప్పుడే కొద్దిగా వదులు చేసుకోవాలి. బ్రేకు లైనర్ల దుమ్మును నోటితో ఊదకూడదు, తడిగుడ్డతో తుడవాలి. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండవచ్చు. వీటిలో దేని గురించీ నాతో వాదించకండి.

ఇక లోపలి సంగతి. చక్రం మధ్యలో ఉండే హబ్ మీద చిన్న మూత, అది తీస్తే నట్టు ఊడకుండా ఆపే స్ప్లిట్ పిన్, పిన్ లాగితే గాళ్లున్న పెద్ద నట్టు, దాని వెనుక వాషరు, ఆ వెనుక చిన్న బేరింగు కనిపిస్తాయి. హబ్‌ను డ్రమ్ముతో సహా బయటికి లాగితే లోపలి వైపు పెద్ద బేరింగు, దాని వెనుక ఆయిల్ సీలు ఉంటాయి. సైకిల్ చక్రంలో గుండ్లు ఉంటాయి కదా, ఇక్కడ గుండ్లు ఉండవు. ఒక కొస సన్నగా, ఇంకో కొస లావుగా ఉండే రోలర్లు ఉంటాయి. అమెరికాలో గుర్రపు బగ్గీలు తయారుచేసే హెన్రీ టిమ్కెన్ ఈ తరహా బేరింగుకు 1898లో మరొకరితో కలిసి పేటెంటు పొందాడు. బండి మలుపు తిరిగేటప్పుడు చక్రం మీద బరువు పైనుంచే కాదు, పక్క నుంచి కూడా పడుతుంది. వాలుగా అమర్చిన రోలర్లు ఆ రెండింటినీ మోస్తాయి. అమ్మాయీ, నీకు పాలిటెక్నిక్‌లో చెప్పే ఉంటారు, ఈ రోలర్ల అంచుల గీతలన్నీ పొడిగిస్తే ఇరుసు మధ్య రేఖ మీద ఒకే బిందువులో కలుస్తాయి. అందుకే రోలర్లు జారకుండా దొర్లుతాయి. ఒక్కో బేరింగు ఒక్కో వైపు తోపునే ఆపగలదు కాబట్టి రెండింటిని ఎదురెదురు వాలుగా పెడతారు.

పాత బేరింగులను డీజిల్‌లో కడగక ముందే గ్రీజు రంగు చూడాలి. తొందరలో కడిగేస్తే సాక్ష్యం పోయినట్లే. మన హబ్‌లో గ్రీజు తెల్లబారి ఉంది. అంటే నీరు కలిసింది. కడిగాక చూస్తే, రోలర్లు దొర్లే ఉక్కు వలయం, అదే హబ్‌లో కూర్చునే బేరింగు కప్పు, దాని మీద రోలర్ల మధ్య దూరంలోనే వరుసగా తుప్పు గీతలు ఉన్నాయి. బండి కదలకుండా నిలిచినప్పుడు రోలరు ఆనిన చోటల్లా నీరు నిలిచి తినేసిన గుర్తులు అవి. ఆ గీతల మీద బరువు దొర్లీ దొర్లీ పైపొర రాలి, అమ్మవారు పోసిన ముఖంలా గుంటలు పడ్డాయి. మూలుగు ఆ గుంటలదే. నట్టు మితిమీరి బిగించినా, గ్రీజు అయిపోయినా ఇనుము కాలి నీలం రంగు తిరిగేది. ఆ రంగు ఎక్కడా లేదు. చీమకుర్తి గ్రానైటు క్వారీల్లో తిరిగే లారీ అయితే రాతిపొడి గ్రీజులో చేరి, రోలర్లు నునుపు పోయి బూడిదరంగులో మసకబారి ఉండేవి. అదీ లేదు.

మరి సీలు ఉండగా నీరు ఎలా వెళ్లింది? ఇక్కడే మీ నాన్న అలవాటు దొరికింది. రొయ్యల లోడు దింపి వచ్చి, చక్రాలు వేడిగా ఉండగానే లారీని బకింగ్‌హామ్ కాలువ రేవులోకి దించి కడుగుతాడు. బ్రేకులు పట్టీ పట్టీ వేడెక్కిన హబ్‌లోని గాలి వ్యాకోచించి ఉంటుంది. హబ్ ఒక్కసారిగా నీటిలో మునిగితే ఆ గాలి కుంచించుకుని లోపల ఒత్తిడి తగ్గుతుంది, బయటి నీరు సీలు పెదవి దాటి లోపలికి వస్తుంది. సీలు గ్రీజును బయటికి పోనీయకుండా ఆపడానికి చేసినది, అలా లాక్కునే నీటిని ఆపలేదు. చిన్నవాడా, నువ్వు కూడా పరీక్షించి చూడు. ఖాళీ ప్లాస్టిక్ సీసాలో వేడినీళ్లు పోసి ఒంపేసి, వెంటనే మూత బిగించి చన్నీళ్లలో ముంచు. మరిగే నీళ్లు మాత్రం వద్దు. సీసా లోపలికి నొక్కుకుపోతుంది. దానికి చిన్న సందు ఉంటే నీళ్లే లోపలికి వచ్చేవి. పైగా మన కాలువ నీటిలో ఉప్పు ఉంటుంది, తుప్పుకు అంతకంటే ఏం కావాలి!

బేరింగును, అది దొర్లే కప్పును ఎప్పుడూ జతగానే మార్చాలి. గుంటలు పడిన కప్పులో కొత్త రోలర్లు ఎక్కువ కాలం మన్నవు. పాత కప్పును ఇత్తడి కడ్డీతో ఒకసారి ఈ వైపు, ఒకసారి ఆ వైపు కొడుతూ బయటికి తెచ్చాను. కొత్త కప్పులను ముందురోజు రాత్రి ఫ్రీజరులో పెట్టాను. కవరులో చుట్టి పెట్టినా మీ నాయనమ్మ తిట్లు తప్పలేదు. నూరు మిల్లీమీటర్ల ఉక్కు 50 డిగ్రీలు చల్లబడితే సుమారు 0.06 మిల్లీమీటర్లు కుంచించుకుంటుంది. చూడటానికి ఏమీ లేనట్లే ఉంటుంది కానీ కప్పు హబ్‌లోకి ఎక్కేటప్పుడు ఆ తేడా తెలుస్తుంది. దెబ్బ కొత్త కప్పు మీద నేరుగా పడకుండా పాత కప్పును పైన పెట్టి కొట్టాను. కప్పు అడుగుకు ఆనగానే దెబ్బ శబ్దం మారి గట్టిగా, ఖంగున వస్తుంది. అది వినే వరకు ఆపకూడదు.

గ్రీజు పైన పూస్తే చాలదు. అరచేతిలో ముద్ద పెట్టుకుని బేరింగు లావు అంచును దానిలోకి నొక్కుతుంటే, రోలర్ల మధ్య నుంచి పై అంచున గ్రీజు ఉబికి రావాలి. పాత గ్రీజు పూర్తిగా తుడిచేయాలి, రెండు రకాలు కలిస్తే కొన్ని పలచబడి కారిపోతాయి. కడిగిన బేరింగును గాలి పైపుతో గిర్రున తిప్పడం కుర్రవాళ్లకు సరదా. గ్రీజు లేకుండా ఆ వేగానికి రోలరు ఊడి ముఖాన తగలవచ్చు.

అసలైన నేర్పు నట్టులో ఉంది. గట్టిగా బిగిస్తేనే భద్రమని మీకు అనిపిస్తుంది, ఇక్కడ అది పనికిరాదు. హబ్‌ను చేత్తో తిప్పుతూ ముందు గట్టిగానే బిగించాలి, రోలర్లు వాటి చోట సర్దుకుంటాయి. తర్వాత నట్టును వదిలేసి, మళ్లీ వేళ్లతో మాత్రమే బిగించాలి. పిన్ రంధ్రం ఎదురుపడకపోతే ముందుకు కాదు, వెనక్కే తిప్పాలి. భారీ వాహనాల ఈ రకం చక్రాలకు సాధారణంగా 0.025 నుంచి 0.125 మిల్లీమీటర్ల వరకు ఆట ఉంచుతారు. మీ నోటుపుస్తకం కాగితం మందం దాదాపు 0.1 మిల్లీమీటరు. ఎంత సన్నని సంగతో దాన్ని బట్టి చూసుకోండి. ఏ బండికి ఎంతో ఆ బండి మాన్యువల్‌లో ఉంటుంది, సన్నని కదలికను ముల్లుతో చూపే డయల్ గేజీ పెట్టి కొలిస్తే నిస్సందేహం. ఆ కాస్త సందు లేకపోతే, వేడికి ఇనుము పెరిగినప్పుడు రోలర్లు ఒత్తుకుపోయి కాలిపోతాయి. సీలు, స్ప్లిట్ పిన్ ప్రతిసారీ కొత్తవే వేయాలి. పాత పిన్ వంచి వంచి పెట్టే పిసినారితనం నాకు నచ్చదు. చక్రం నిలబడేది దాని మీదే.

చక్రం బిగించాక కొద్ది దూరం నడిపి, హబ్ దగ్గరగా చేతి వెనుక భాగం పెట్టి వేడి చూశాను, ఎడమ హబ్‌తో పోల్చుకున్నాను. రెండూ గోరువెచ్చగానే ఉన్నాయి. చక్రం నట్లు మరోసారి బిగించాం. మూలుగు పోయింది. బండి చల్లారే వరకు రేవులోకి దించనని మీ నాన్న ఒప్పుకున్నాడు. మాట నిలుపుకుంటాడో లేదో మీ అమ్మ చూసుకుంటుంది.

ఎడమ చక్రం మూలగకపోయినా అదీ ఆ నీటిలోనే మునిగింది. మనకు అసలు వానలు అక్టోబరు నుంచి కదా, ఆ లోపే దాన్నీ విప్పి గ్రీజు రంగు చూడాలి. దసరా సెలవుల దాకా ఆపి ఉంచుతాను. పాత బట్టలు తెచ్చుకోండి. నట్టు బిగించేది అమ్మాయి, బ్రేకు తొక్కేది చిన్నవాడు.

మీ తాత