సర్కస్ ఆద్యుడు ఫిలిప్ ఆస్ట్లీ: అపోహలు - వాస్తవాలు

సర్కస్ అంటే మనకు గుర్తొచ్చేవి గుడారం, సింహాలు, గాల్లో ఊయల విన్యాసాలు. ఆధునిక సర్కస్‌కు ఆద్యుడైన ఫిలిప్ ఆస్ట్లీ దగ్గర ఈ మూడూ లేవు. ఆయన దగ్గర ఉన్నవి గుర్రాలు, వాటి కోసం గీసుకున్న ఒక గుండ్రటి రింగు. ఆ రింగు ఎందుకు అంత కొలతలో ఉందో, అందులో గుర్రం ఎలా పరిగెత్తుతుందో తెలియకుండా ఆయన గురించి రాస్తే అసలు పని పక్కకు పోయి కట్టుకథలు మిగులుతాయి. గుర్రపు విన్యాసాలు నేర్పేవాళ్లుగా మాకు తరచూ ఎదురయ్యే అపోహలను ఇక్కడ ఒక్కొక్కటిగా తీసుకుంటున్నాం.

అపోహ: సర్కస్‌ను మొదలుపెట్టింది అమెరికాకు చెందిన పి.టి. బార్నమ్.

వాస్తవం: బార్నమ్ పుట్టిందే 1810లో. సర్కస్ వ్యాపారంలోకి దిగింది 1871లో, అరవయ్యేళ్ల వయసులో. ఆస్ట్లీ లండన్‌లో తొలి ప్రదర్శన ఇచ్చింది 1768లో. అంటే మధ్యలో నూరేళ్లకు పైగా తేడా ఉంది. బార్నమ్ ప్రచారంలో దిట్ట కాబట్టి ఆయన పేరు జనం నోళ్లలో నిలిచింది.

అపోహ: సర్కస్ రోమన్ల కాలం నుంచీ ఉంది. ఆస్ట్లీ దాన్ని మళ్లీ బతికించాడు.

వాస్తవం: రోమ్‌లోని సర్కస్ మాక్సిమస్ రథాల పందేలు జరిగే పొడవాటి మైదానం. మనం చూసే సర్కస్‌తో దానికి పేరు తప్ప పోలిక లేదు. ఆ పేరు కూడా ఆస్ట్లీ పెట్టింది కాదు. తన చోటును ఆయన మొదట స్వారీ బడి అన్నాడు, తర్వాత ఆంఫీథియేటర్ (చుట్టూ కూర్చుని చూసే ప్రదర్శనశాల) అన్నాడు. ఆస్ట్లీ దగ్గర స్వారీ చేసి బయటికి వెళ్లిన చార్లెస్ హ్యూస్, రచయిత, స్వరకర్త అయిన చార్లెస్ డిబ్డిన్‌తో కలిసి 1782 నవంబరులో పోటీగా 'రాయల్ సర్కస్' తెరిచాడు. ఆ పోటీదారుల బోర్డు మీది మాటే చివరికి ఈ కళ మొత్తానికీ పేరైపోయింది.

అపోహ: ఆస్ట్లీ గొప్పింటి బిడ్డ, పెద్ద సైనికాధికారి.

వాస్తవం: 1742 జనవరి 8న ఇంగ్లండ్‌లోని స్టాఫర్డ్‌షైర్‌లో, న్యూకాజిల్ అండర్ లైమ్‌లో పుట్టాడు. తండ్రి చెక్కపని చేసేవాడు. కొడుకు కూడా ఆ పనిలోనే స్థిరపడాల్సింది గానీ, పదిహేడేళ్లకే, 1759లో, కల్నల్ ఎలియట్ నడిపే 15వ లైట్ డ్రాగూన్ల అశ్వదళంలో చేరిపోయాడు. ఏడేళ్ల యుద్ధంలో జర్మన్ నేల మీద పోరాడాడు. 1766లో సైన్యం నుంచి బయటికి వచ్చేనాటికి ఆయన సార్జెంట్ మేజర్. అంటే కింది నుంచి పైకి వచ్చిన సిపాయి, డబ్బిచ్చి అధికారి పదవి కొనుక్కున్న దొర కాదు. వెళ్లేటప్పుడు ఎలియట్ ఒక తెల్ల గుర్రాన్ని కానుకగా ఇచ్చాడు. ఆరడుగులకు పైన ఎత్తు, దూరానికి వినిపించే గొంతు ఆయన సొంతం. ఈ గొంతును తేలిగ్గా తీసుకోకండి. రింగులో గుర్రం ముందుగా నేర్చుకునేది గొంతునే. కొరడా సైగ తర్వాతి సంగతి.

అపోహ: గుర్రం మీద నిలబడి స్వారీ చేయడం ఆస్ట్లీ కనిపెట్టాడు.

వాస్తవం: ఆయనకు ముందే ఇంగ్లండ్‌లో థామస్ జాన్సన్, జేకబ్ బేట్స్ లాంటివాళ్లు ఈ విన్యాసాలతో పేరు తెచ్చుకున్నారు. బేట్స్ యూరప్ అంతా తిరిగి ప్రదర్శనలిచ్చాడు. విన్యాసాలు పాతవే. ఆస్ట్లీ చేసింది రెండు పనులు. మొదటిది, విన్యాసాన్ని రింగులో స్థిరపరిచాడు. దాంతో స్వారీ చేసేవాడు పావు మైలు దూరం వెళ్లి తిరిగి రావలసిన పని లేకుండా, ప్రతి క్షణం జనం కళ్లెదుటే ఉన్నాడు. రెండోది, 1770 నాటికి గుర్రాల మధ్య విరామాల్లో గారడీవాళ్లను, తాడు మీద నడిచేవాళ్లను, దొమ్మరి విద్యలవాళ్లను, హాస్యగాళ్లను ప్రవేశపెట్టాడు. గుర్రాలకు ఊపిరి తీసుకునే వ్యవధి దొరికింది, జనానికి విసుగు తప్పింది. ఈ కార్యక్రమ క్రమమే సర్కస్.

అపోహ: రింగు వ్యాసం 42 అడుగులు అని ఆస్ట్లీ మొదటిరోజే తేల్చేశాడు. కొరడా పొడవును బట్టి పెట్టిన లెక్క అది.

వాస్తవం: మొదట్లో ఆయన రింగు 62 అడుగులు. చేసి చూసుకుంటూ 42 అడుగులకు, అంటే దాదాపు 13 మీటర్లకు, తగ్గించాడు. కొరడా అందడం ఒక సౌకర్యం మాత్రమే. అసలు కారణం గుర్రం ఒరుగు.

గుండ్రంగా పరిగెత్తే గుర్రం లోపలికి ఒరుగుతుంది. మీద నిలబడ్డ మనిషి కూడా అంతే ఒరగాలి. ఆ ఒరుగు రెండింటి మీద ఆధారపడుతుంది: వేగం, తిరిగే దారి వ్యాసార్థం. 42 అడుగుల రింగులో గుర్రం చుట్టూ ఉండే గట్టుకు మూడడుగులు లోపలగా పరిగెత్తుతుందనుకుంటే దాని దారి వ్యాసార్థం 18 అడుగులు, అంటే ఐదున్నర మీటర్లు. సెకనుకు నాలుగున్నర మీటర్లు, అంటే గంటకు 16 కిలోమీటర్ల నెమ్మది కాంటర్‌లో (ఊగుతూ సాగే పరుగులో) ఒరుగు సుమారు 20 డిగ్రీలు వస్తుంది. ఒక్కో చుట్టుకు ఎనిమిది సెకన్లలోపే పడుతుంది. అదే వేగంతో 62 అడుగుల రింగులో తిరిగితే ఒరుగు 14 డిగ్రీల లోపే. అక్కడ కూడా 20 డిగ్రీలు రావాలంటే గుర్రాన్ని గంటకు 20 కిలోమీటర్లకు తోలాలి. వేగం పెరిగినకొద్దీ వెన్ను అదురు పెరుగుతుంది, గుర్రం త్వరగా అలుస్తుంది, కింద పడితే దెబ్బ ఎక్కువ. అలాగని రింగును 30 అడుగులకు కుదిస్తే? ఒరుగు 30 డిగ్రీల దాకా పోతుంది. గుర్రం లోపలి కాళ్ల మీద, ముఖ్యంగా మడమ కీళ్ల మీద, భారం పడుతుంది. కొన్నాళ్లకే కుంటు మొదలవుతుంది. 42 అడుగులు ఈ రెండు ఇబ్బందులకూ మధ్య దొరికిన చోటు. గణితం రాసుకుని కాదు, గుర్రం నడకను గమనించి ఆస్ట్లీ అక్కడికి చేరాడు. మేము ఆయన్ని గౌరవించేది ముఖ్యంగా ఇందుకే.

అపోహ: ఆ తిరుగుడు బలం మనిషిని గుర్రానికి అతుక్కునేలా చేస్తుంది. అందుకే పడిపోరు.

వాస్తవం: ఏదీ అతుక్కోదు. 20 డిగ్రీల ఒరుగులో పాదాల కింద బరువు ఏడు శాతం దాకా పెరుగుతుంది, అంతే. అరవై కిలోల మనిషికి తన బరువు అరవై నాలుగు కిలోలుగా అనిపిస్తుంది. ఉపయోగపడేది ఆ ఒత్తిడి కాదు, ఒరుగు మారకుండా ఉండటం. వేగం స్థిరంగా ఉన్నంతసేపు ఒరుగూ స్థిరంగా ఉంటుంది, శరీరం దానికి అలవాటు పడుతుంది. గుర్రం ఉన్నట్టుండి నెమ్మదిస్తే మనిషి లోపలికి పడతాడు. ఉన్నట్టుండి దూకుడు పెంచితే వెనక్కీ బయటికీ పోతాడు. అందుకే స్వారీ నేర్చేవాడి కన్నా ముందు గుర్రానికి లయ నేర్పాలి. ఎవరూ ఎక్కకుండా పొడవాటి పగ్గం మీద తిప్పుతూ, అడుగుల చప్పుడు గడియారంలా ఒకే తూకంలో వినిపించేదాకా పని చేయించాలి. మొదట్లో పది పదిహేను నిమిషాలు చాలు. ప్రదర్శనలో గుర్రం ఎడమ వైపుకే తిరుగుతుంది గానీ, సాధనలో కుడి వైపుకూ తిప్పకపోతే ఒకవైపు కండలే బలపడి నడక చెడుతుంది.

తర్వాత మనిషి వంతు. ఆగి ఉన్న గుర్రం మీద, ఆపైన నడిచే గుర్రం మీద, ముందు మోకాళ్లపై, తర్వాత పాదాలపై. అక్కడి నుంచి నేరుగా కాంటర్‌కే వెళ్లడం మేలు. నడకకూ కాంటర్‌కూ మధ్యలో వచ్చే ట్రాట్ అనే పరుగు నెమ్మదే అయినా రెండు తాళాల కుదుపుతో నిలబడ్డవాణ్ణి ఎగరేస్తుంది. కాంటర్ మూడు తాళాలతో ఊగుతుంది, ఆ ఊపును మోకాళ్లతో మింగవచ్చు. కొత్తవాళ్లందరూ చేసే తప్పు ఒకటుంది: నేలకు నిట్టనిలువుగా నిలబడాలని చూస్తారు. గుర్రం ఒరిగి ఉంటే మనిషి నిలువుగా ఉన్నాడంటే బయటికి విసిరేసినట్టే పడతాడు. చూపు గుర్రం చెవుల మధ్య నుంచి ముందుకు ఉండాలి, కిందికి కాదు. నడుముకు పైనుంచి తాడు కట్టిన బెల్టు లేకుండా ఈ సాధన చేయించకూడదు.

నేల సంగతీ ఇక్కడే చెప్పాలి. రింగులో పరిచే రంపపు పొట్టు మరీ ఎండితే డెక్కలు జారతాయి, మరీ తడిసి గట్టిపడితే కీళ్లు దెబ్బతింటాయి. బయటి అంచు కాస్త ఎత్తుగా ఉంటే ఒరిగిన గుర్రానికి పాదం సరిగ్గా ఆనుతుంది.

అపోహ: రింగ్ మాస్టర్ కొరడా కొట్టడానికే.

వాస్తవం: దెబ్బ తిన్న గుర్రం వేగం మారుస్తుంది. వేగం మారితే మీదున్న మనిషి పడతాడని పైన చెప్పుకున్నాం. కాబట్టి కొరడా దెబ్బ ప్రదర్శనకే శత్రువు. అది చేతికి పొడిగింపు. కొన గుర్రం పిరుదుల వైపు చూపిస్తే ముందుకు, భుజం వైపు చూపిస్తే గట్టు దగ్గరికి. మాస్టర్ రింగు నడిమధ్యన కదలకుండా నిలబడడు. చిన్న వలయంలో నడుస్తూ, గుర్రం భుజానికి కాస్త వెనగ్గా ఉంటాడు. భుజం దాటి ముందుకు వచ్చాడంటే గుర్రం దాన్ని ఆగమన్న సైగగా తీసుకుంటుంది.

అపోహ: సర్కస్‌లో మాటలు తక్కువ ఉండటానికి కారణం, అన్ని భాషలవాళ్లకూ అర్థం కావాలని ఆస్ట్లీ ముందుచూపు.

వాస్తవం: చట్టం ఒప్పుకోలేదు. అప్పటి లండన్‌లో మాటల నాటకం వేసే హక్కు రాజపత్రం ఉన్న డ్రూరీ లేన్, కోవెంట్ గార్డెన్ లాంటి థియేటర్లకే ఉండేది. మిగతావాళ్లు సంగీతం, మూకాభినయం, విన్యాసాలతో సరిపెట్టుకోవాలి. ఆస్ట్లీ ఈ అడ్డంకిలోనే దారి వెతుక్కున్నాడు. రింగు పక్కన రంగస్థలం కట్టి, యుద్ధాలనూ తాజా వార్తలనూ గుర్రాలతో, బాకాలతో ఆడించాడు. నిర్బంధం నుంచి పుట్టిన పద్ధతి తర్వాత దేశదేశాలకూ పనికొచ్చింది.

అపోహ: ఏ విద్యా రానివాడే సర్కస్‌లో జోకర్ అవుతాడు.

వాస్తవం: ఆస్ట్లీ రింగులో పేరుపొందిన హాస్య అంకం 'బ్రెంట్‌ఫర్డ్‌కు దర్జీ ప్రయాణం'. ఓటు వేయడానికి బయల్దేరిన దర్జీకి గుర్రం ఎక్కడం రాదు. ఒకవైపు ఎక్కితే మరోవైపు పడతాడు. కదలమంటే గుర్రం కదలదు, ఆగమంటే పరిగెత్తుతుంది, చివరికి ఆయన్నే తరుముతుంది. 1768లో బ్రెంట్‌ఫర్డ్‌లో జరిగిన ఎన్నికల గొడవ జనానికి బాగా గుర్తు కాబట్టి నవ్వు రెట్టింపయ్యేది. ఇది చేయాలంటే బృందంలో అందరికన్నా మంచి స్వారీగాడు కావాలి. జీను మీద తిరగబడి కూర్చోవడం, మెడ మీదుగా జారడం, గుర్రం సరిగ్గా ఆగిన క్షణంలోనే దొర్లడం, వీటిలో ఒక్క అడుగు తూకం తప్పినా డెక్క కింద పడతాడు.

అపోహ: సింహాలు, గుడారం, గాల్లో ఊయల అన్నీ ఆస్ట్లీవే.

వాస్తవం: గుడారంలో సర్కస్ అమెరికాలో 1825లో మొదలైంది. ఊయల నుంచి ఊయలకు ఎగిరే విద్యను ప్యారిస్‌లో ఫ్రాన్స్ కళాకారుడు జూల్ లియోటార్ 1859లో చూపించాడు. పులులు, సింహాలతో ఐజాక్ వాన్ ఆంబర్గ్ ఆస్ట్లీ ఆంఫీథియేటర్‌కు వచ్చింది 1838లో, ఆస్ట్లీ పోయిన చాలా ఏళ్లకు.

అపోహ: ఇదంతా ఒంటి చేతి మీద సాధించాడు, డబ్బు దానంతటదే వచ్చిపడింది.

వాస్తవం: భార్య ప్యాటీ కూడా స్వారీలో నిపుణురాలు. తొలి రోజుల్లో ఆయన స్వారీ చేస్తుంటే ఆమె డప్పు వాయించేది, తన వంతుకు తనూ గుర్రం ఎక్కేది. పొద్దున స్వారీ పాఠాలు, మధ్యాహ్నం ప్రదర్శన, ఇదీ వారి దినచర్య. పాఠాల రుసుమే మొదట్లో నికరమైన ఆదాయం. కొడుకు జాన్ చిన్నప్పటి నుంచే రింగులో పెరిగాడు. 1782లో ప్యారిస్‌లో కూడా ఆంఫీథియేటర్ కట్టారు. ఫ్రెంచి విప్లవంతో ఇంగ్లిష్‌వాళ్లు అక్కడ నిలవలేక, ఆ రింగు ఇటలీ నుంచి వచ్చిన ఆంతోనియో ఫ్రాంకోని చేతికి వెళ్లింది.

లండన్ భవనం 1794లో కాలిపోయింది. అప్పుడు ఆస్ట్లీ మళ్లీ సైన్యంతో యూరప్‌లో ఉన్నాడు. తిరిగొచ్చి కట్టాడు. 1803లో మళ్లీ కాలింది, కొడుకు అత్తగారు ఆ మంటల్లో చనిపోయారు. మరుసటి ఏడాదికి మళ్లీ కట్టాడు. చెక్క కట్టడం, ఎండుగడ్డి, రంపపు పొట్టు, వందల దీపాలు, వాటికి తోడు వేదిక మీద బాణసంచా. అప్పటి థియేటర్లన్నిటిదీ ఇదే ముప్పు, గుర్రాలు ఉన్నచోట ఇంకాస్త ఎక్కువ. 1806లో ఫ్రెంచి యుద్ధనౌక కలపతో కట్టిన ఒలింపిక్ పెవిలియన్ మాత్రం నష్టాల్లో కూరుకుపోయింది. 1813లో దాన్ని నటుడు ఎలిస్టన్‌కు అమ్మేశాడు. ఆ మరుసటి ఏడాది ప్యారిస్‌లో కన్నుమూశాడు.

అపోహ: ఆస్ట్లీతో మన దేశపు సర్కస్‌కు సంబంధం లేదు.

వాస్తవం: నేరుగా లేదు, రింగు ద్వారా ఉంది. హ్యూస్ దగ్గర నేర్చుకున్న జాన్ బిల్ రికెట్స్ 1793 ఏప్రిల్‌లో ఫిలడెల్ఫియాలో ప్రదర్శనలు మొదలుపెట్టాడు. అదే నెలలో జార్జ్ వాషింగ్టన్ వచ్చి చూశాడు. ఇలా దేశాలు దాటిన రింగును ఇటలీకి చెందిన జుసెప్పే కియారిని బొంబాయికి తెచ్చాడు. దాన్ని చూశాక 1880లో విష్ణుపంత్ ఛత్రే 'గ్రేట్ ఇండియన్ సర్కస్' స్థాపించాడు. ఛత్రే అంతకు ముందు చేసిన ఉద్యోగం కురుంద్‌వాడ్ సంస్థానంలో గుర్రపుశాల పెత్తనం.