మెదడుకు మేత: ఎలుకల చిట్టడవి నుంచి అవిసె గింజల దాకా

మార్చి వస్తోందంటే ఇంటర్ పిల్లలున్న ఇళ్లలో సిలబస్ టెన్షన్‌తో పాటు తిండి టెన్షన్ కూడా మొదలవుతుంది. రాత్రి నానబెట్టిన బాదంపప్పులు, అవిసె గింజల పొడి, సరస్వతీ లేహ్యం, ఏదో కంపెనీ ఒమేగా-3 (ఒక రకం కొవ్వు) గోలీలు. అక్రోటు మెదడు ఆకారంలో ఉంటుంది కాబట్టి మెదడుకు మంచిదని వాట్సాప్‌లో ఎవరో ఒకరు పంపుతారు. ఆ లెక్కన రాజ్మా గింజ కిడ్నీలకు మందు కావాలి మరి.

ఈ సలహాల్లో కొన్ని అమ్మమ్మల కాలం నాటివి. కానీ ‘ఒమేగా-3’, ‘బ్రెయిన్ ఫుడ్’ అన్న మాటలు మన వంటిళ్లకు చేరడం వెనక ప్రయోగశాలల చరిత్ర ఉంది. అందులో ఎక్కువగా వినిపించే పేరు లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం (యూసీఎల్‌ఏ)లో పనిచేసే నాడీశాస్త్రవేత్త ఫెర్నాండో గోమెజ్-పినియా.

ఆయన కంటే ముందు మెదడు మారుతుందని ఒప్పించడానికే చాలా కాలం పట్టింది. నాడీకణాల రూపాన్ని ప్రపంచానికి చూపించి 1906లో నోబెల్ పంచుకున్న స్పెయిన్ శాస్త్రవేత్త కహాల్, పెద్దవాళ్ల మెదడులో దారులన్నీ స్థిరపడిపోయాయని, అక్కడ చావడమే తప్ప మళ్లీ పుట్టడం లేదని రాశాడు. ఆ మాట దశాబ్దాల పాటు చెల్లింది. 1940లలో కెనడా శాస్త్రవేత్త డొనాల్డ్ హెబ్ కొన్ని ఎలుకల్ని ఇంటికి తీసుకెళ్లి పెంచాడు. ఇల్లంతా తిరిగిన ఆ ఎలుకలు, ల్యాబ్ బోనులో పెరిగిన వాటికంటే పరీక్షల్లో మెరుగ్గా చేశాయి. 1964లో బర్క్‌లీలో మరియన్ డైమండ్ బృందం ఇంకో అడుగు వేసింది. ఆటవస్తువులు, తోటి ఎలుకలు ఉన్న బోనులో పెరిగిన వాటి మెదడు పైపొర, ఒంటరి ఎలుకల మెదడు పైపొర కంటే మందంగా ఉందని కొలిచి చూపింది. తేడా చిన్నదే. అయినా అనుభవం మెదడు ఆకారాన్నే మారుస్తుందని చూపడానికి అది చాలింది. ఈ గుణాన్నే ప్లాస్టిసిటీ అంటారు. మన ప్లాస్టిక్ కవర్లతో దీనికి పనిలేదు, ఒత్తితే ఒదిగే మట్టి లాంటిదని అర్థం.

మరి ఆ మార్పు ఏ పదార్థం వల్ల జరుగుతుంది? 1982లో జర్మనీలో ఈవ్-అలెన్ బార్డ్, హాన్స్ టోనెన్‌లు పంది మెదళ్ల నుంచి ఒక ప్రొటీన్‌ను వేరు చేశారు. కిలోల లెక్కన మెదడు తీసుకుంటే మైక్రోగ్రాముల్లో దొరికింది. అదే బీడీఎన్‌ఎఫ్. నాడీకణాలు బతకడానికి, ఒకదానితో ఒకటి కొత్తగా అల్లుకోవడానికి అది కావాలి.

1995లో కాల్ కాట్‌మన్, గోమెజ్-పినియా తదితరులు ‘నేచర్’ పత్రికలో ఒక చిన్న పరిశోధన ప్రచురించారు. చక్రం మీద పరుగెత్తిన ఎలుకల హిప్పోకాంపస్‌లో బీడీఎన్‌ఎఫ్ తయారీ సంకేతాలు పెరిగాయి. పరుగు కాళ్ల పని, హిప్పోకాంపస్ జ్ఞాపకాల చోటు. ఈ రెంటికీ లంకె దొరకడం అప్పట్లో ఆశ్చర్యమే. కాళ్ల కదలిక మెదడును మార్చగలిగినప్పుడు, కడుపులోకి వెళ్లేది మార్చదా అన్నది తర్వాతి ప్రశ్న. 2002లో ఆయన బృందం ఎలుకలకు కొవ్వు, చక్కెర దండిగా పెట్టింది. రెండు నెలల్లోనే హిప్పోకాంపస్‌లో బీడీఎన్‌ఎఫ్ తగ్గింది, నేర్చుకోవడం మందగించింది. అదే తిండి తింటూ పరుగెత్తిన ఎలుకల్లో ఆ నష్టం పూడిందని 2004లో చూపించారు. నా దృష్టిలో ఈ వరుసలో అసలు విలువైనది ఇదే. కానీ పరుగును సీసాలో పెట్టి అమ్మలేరు కదా, అందుకే ప్రకటనల్లో కనిపించదు.

పేపర్ల దాకా వెళ్లింది 2012 నాటి ప్రయోగం. ఇందులో ఆయనతో పాటు రాహుల్ అగర్వాల్ పనిచేశారు. ఒకే ఒక్క సరైన దారి ఉన్న చిట్టడవి లాంటి బల్ల మీద ఎలుకలకు ముందు ఐదు రోజులు శిక్షణ ఇచ్చారు. తర్వాత ఆరు వారాల పాటు కొన్నింటికి మామూలు నీళ్లకు బదులు ఫ్రక్టోజ్ అనే చక్కెర కలిపిన నీళ్లు తాగించారు. వాటిలో కొన్నింటి తిండిలో అవిసె నూనె, డీహెచ్‌ఏ అనే ఒమేగా-3 కొవ్వు ఉన్నాయి, మిగతా వాటి తిండిలో లేవు. ఆరు వారాల తర్వాత మళ్లీ బల్ల ఎక్కిస్తే, ఒమేగా-3 లేకుండా ఫ్రక్టోజ్ తాగినవి దారి మర్చిపోయి తడుముకున్నాయి. వాటి మెదడు కణాలు ఇన్సులిన్ హార్మోన్ మాట వినడం తగ్గింది. ఒమేగా-3 అందినవాటికి దెబ్బ తక్కువ తగిలింది.

అమెరికాలో ఆ వార్త, ఫ్రక్టోజ్ దండిగా ఉండే మొక్కజొన్న సిరప్ కలిపిన కూల్ డ్రింకుల మీదికి వెళ్లింది. పండ్లలో సహజంగా ఉండే ఫ్రక్టోజ్ గురించి కాదు తమ ఆందోళన అని గోమెజ్-పినియా అప్పుడే చెప్పారు. మనం వాడేది చెరుకు చక్కెరే కదా అనుకోవడానికీ లేదు. అది కడుపులో సగం గ్లూకోజ్, సగం ఫ్రక్టోజ్‌గా విడిపోతుంది.

ఇక్కడే ఒక మెలిక ఉంది. ఆ ప్రయోగంలో తేలింది ఒమేగా-3 లేకపోతే నష్టం ఎక్కువ అని. అమ్మకందారుల చేతిలో అది ‘ఎక్కువ తింటే జ్ఞాపకశక్తి పెరుగుతుంది’ అయింది. ఈ రెండూ ఒకటి కావు. లోటు లేని మనిషికి పైనుంచి ఇస్తే ఏమవుతుందో మనుషుల మీదే చూడాలి, చూశారు కూడా. కంటి జబ్బున్న పెద్దవయసు వాళ్లు వేలమందికి ఐదేళ్లు ఒమేగా-3 గోలీలు ఇచ్చిన అమెరికా పరీక్షలో ఆలోచనాశక్తిలో తేడా కనిపించలేదని 2015లో తేలింది. ఆకుకూరలు, గింజలు, బెర్రీ పండ్లతో కూడిన ‘మైండ్’ డైట్‌ను 65 ఏళ్లు దాటిన 604 మంది మీద మూడేళ్లు పరీక్షించి 2023లో ఫలితాలు ప్రకటించారు. ఆ డైట్ తిన్నవాళ్లకూ, మామూలు తిండినే కొంచెం తగ్గించి తిన్నవాళ్లకూ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. పదిహేడేళ్ల పిల్లల మీద చేసినవి కావు ఇవి. అయినా గోలీల డబ్బాల మీది ధీమాకు ఇవి ఆధారం ఇవ్వవు.

అవిసె గింజల సంగతి చెప్పాలంటే, అందులోని ఒమేగా-3 వేరే రకం. దాన్ని డీహెచ్‌ఏగా మార్చుకునే శక్తి మన ఒంటికి తక్కువే. చేప తినేవాళ్లకు డీహెచ్‌ఏ నేరుగా దొరుకుతుంది.

లోటు తీర్చితే మెదడుకు ఎంత మేలో తెలియాలంటే కాంగ్డా లోయకు వెళ్లాలి. శ్రీకాకుళంలో పుట్టి విశాఖలో వైద్యం చదివిన వులిమిరి రామలింగస్వామి 1956 నుంచి హిమాలయాల దిగువన ఆ లోయలో పనిచేశారు. అక్కడ మెడ దగ్గర గవదలా ఉబ్బే గాయిటర్ ఇంటింటా ఉండేది. దానికి కారణమైన అయొడిన్ లోటే కడుపులోని బిడ్డ మెదడును ఎదగనివ్వదు. ఆయన బృందం లోయను మూడు భాగాలు చేసి, రెండింటికి అయొడిన్ కలిపిన ఉప్పు, మూడోదానికి మామూలు ఉప్పు పంపింది. అయొడిన్ ఉప్పు వెళ్లిన రెండు చోట్లా గాయిటర్ తగ్గింది. అది తేలాక మూడో భాగానికీ ఆ ఉప్పే పంపారు. దేశంలో గాయిటర్ నివారణ పథకం 1962లో మొదలైంది.