అక్యూట్ లుకేమియా: అపోహలు - వాస్తవాలు

అక్యూట్ లుకేమియా అంటే మూలుగలో పుట్టి వేగంగా ముదిరే రక్త క్యాన్సర్. దాని మీద పనిచేసేచోట పదే పదే జరిగే పొరపాటు ఒకటుంది. పరీక్షలో కనబడనిదాన్ని లేనట్టే లెక్కకట్టడం. రోగి బంధువులు ఆ పొరపాటు చేస్తారు, ల్యాబ్‌లో కొత్తగా చేరిన విద్యార్థులు చేస్తారు, ఏళ్ల అనుభవమున్న పరిశోధకులూ చేస్తారు. కింది అపోహల్లో చాలావాటికి మూలం అదే.

అపోహ: ఏ స్టేజిలో ఉందో తెలిస్తే ఎంత ప్రమాదమో తెలుస్తుంది.

వాస్తవం: అక్యూట్ లుకేమియాకు స్టేజీలు లేవు. ఒకచోట గడ్డగా పుట్టి పక్కకు పాకే జబ్బు కాదిది. బయటపడేనాటికే రక్తంతోపాటు ఒళ్లంతా తిరుగుతుంటుంది. ముప్పును తేల్చేవి వేరే ఉన్నాయి: పుట్టిన కణాలను బట్టి జబ్బు లింఫాయిడ్ రకమా మైలాయిడ్ రకమా, ఏ క్రోమోజోములు తారుమారయ్యాయి, ఏ జన్యువులు మారాయి, రోగి వయసెంత, మొదటి విడత మందులకు జబ్బు ఎంత లొంగింది.

అపోహ: తెల్లకణాలు లక్షల్లో ఉంటేనే లుకేమియా.

వాస్తవం: కౌంట్ మామూలుగానో తక్కువగానో ఉన్న రోగులు చాలామందే ఉంటారు. బ్లాస్ట్ కణాలు, అంటే పరిణతి చెందని లుకేమియా కణాలు, మూలుగను నింపేసినా రక్తంలోకి పెద్దగా రాకపోవచ్చు. హిమోగ్లోబిన్, ప్లేట్‌లెట్లు, తెల్లకణాలు మూడూ కలిసి పడిపోతుంటే చూపు మూలుగ మీదికి పోవాలి.

ఇంతకంటే నష్టం చేసే తప్పు ఇంకొకటి ఉంది. పిల్లల ఎముకల నొప్పిని కీళ్లవాతం అనుకుని, మూలుగ చూడకుండానే ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మొదలుపెట్టడం. లింఫాయిడ్ బ్లాస్ట్ కణాలు స్టెరాయిడ్‌కు కరిగిపోతాయి. రెండు వారాలాగి మూలుగ తీస్తే శుభ్రంగా కనిపించొచ్చు. పోయింది జబ్బు కాదు, దాన్ని పట్టిచ్చే ఆనవాళ్లు. స్టెరాయిడ్‌కు లొంగని కణాలు మాత్రం మిగిలే ఉంటాయి.

అపోహ: మూలుగ పరీక్ష అంటే వెన్నుపాములోంచి తీయడం.

వాస్తవం: సూది దిగేది తుంటి ఎముక వెనక అంచులోకి. వెన్నుపాము ఆ దరిదాపుల్లో ఉండదు. నడుము దగ్గర వెన్నునీరు తీయడం, అందులోకి కీమో వేయడం వేరే పని. ఆ పనిలో ఒక నియమాన్ని ప్రాణంతో సమానంగా చూడాలి: విన్‌క్రిస్టిన్ అనే కీమో మందు నరంలోకే వెళ్లాలి, వెన్నులోకి వెళితే దాదాపు ఎప్పుడూ ప్రాణాంతకమే. నరంలోకి ఎక్కించే మందు, వెన్నులోకి వేసే మందు ఒకే రోజు ఒకే ట్రేలో రెండు సిరంజిల్లో పెట్టినప్పుడు ఈ ఘోరం జరిగే ప్రమాదం ఉంది. అందుకే విన్‌క్రిస్టిన్‌ను సిరంజిలో కాకుండా సెలైన్ కలిపిన చిన్న సంచిలో తయారుచేయాలి. సంచిని వెన్నుసూదికి తగిలించాలని ఎవరికీ తోచదు.

అపోహ: మూలుగ ఎంత ఎక్కువ లాగితే పరీక్ష అంత నమ్మకం.

వాస్తవం: సిరంజితో మొదటిసారి లాగిన కొద్ది మిల్లీలీటర్లలోనే అసలైన మూలుగ ఉంటుంది. ఆ తర్వాత లాగేకొద్దీ చుట్టుపక్కల రక్తం కలిసి పలచబడుతుంది. స్లైడ్లకూ మిగతా పరీక్షలకూ ముందు తీసేసి, మందుల తర్వాత మిగిలిన జబ్బును వెతికే పరీక్షకు చివరి నమూనా పంపితే ఉన్న జబ్బు కూడా లేనట్టు వస్తుంది. ట్యూబుల విషయమూ అంతే ముఖ్యం. క్రోమోజోముల పరీక్షకు కణాలు బతికుండి విభజన చెందాలి కాబట్టి రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ వేసిన ట్యూబ్ వాడాలి, నమూనా ఒకటి రెండు రోజుల్లో ల్యాబ్‌కు చేరాలి. జన్యు పరీక్షకు అదే పని చేసే మరో రసాయనం, ఈడీటీఏ ఉన్న ట్యూబ్ కావాలి, ఎందుకంటే డీఎన్‌ఏ నకళ్లను పెంచే పీసీఆర్‌ను హెపారిన్ అడ్డుకుంటుంది. ట్యూబులు తారుమారైతే ఆ రోగి మళ్లీ సూది పొడిపించుకోవాలి.

అపోహ: రెమిషన్ వచ్చిందంటే నయమైనట్టే.

వాస్తవం: జబ్బు బయటపడేనాటికి ఒంట్లో సుమారు లక్ష కోట్ల లుకేమియా కణాలుంటాయి. మందుల తర్వాత మూలుగలో బ్లాస్ట్ కణాలు 5 శాతం లోపుకు దిగి, రక్తం కోలుకుంటే రెమిషన్ అంటారు. ఆ మాట అన్న రోజున కూడా వెయ్యి కోట్ల కణాల దాకా మిగిలి ఉండొచ్చు. మైక్రోస్కోప్ చూపు అంతవరకే.

దాన్ని దాటి చూడటానికి వచ్చిందే మిగులు జబ్బు పరీక్ష, వాడుకలో ఎమ్మార్డీ. కణాలను ఒక్కొక్కటిగా లేజర్ ముందు నడిపి గుర్తుపట్టే ఫ్లో సైటోమెట్రీ 10,000 కణాల్లో ఒక్క లుకేమియా కణాన్ని పట్టగలదు. కానీ ఎన్ని కణాలు లెక్కపెట్టారన్నది చూడాలి. యంత్రం 5 లక్షల కణాలు లెక్కపెడితే ఆ స్థాయి జబ్బు 50 కణాలుగా కనిపిస్తుంది. 50 వేలతో ఆపేస్తే కనిపించేవి 5. ఆ ఐదూ జబ్బు కణాలో, కొలతలోని చెత్తో నమ్మకంగా చెప్పలేం. లెక్కపెట్టిన కణాల సంఖ్య రాయని ‘నెగటివ్’ రిపోర్టు సగం రిపోర్టే.

ఆ నెగటివ్ సరైనదే అయినా కథ ముగియదు. లింఫాయిడ్ రకం మీద జరిగిన ఈ1910 అనే ట్రయల్‌లో ఎమ్మార్డీ నెగటివ్ వచ్చిన 224 మంది పెద్దవాళ్లలో సగం మందికి కీమో, మిగతా సగానికి కీమోతోపాటు, రోగనిరోధక కణాలను లుకేమియా కణాల మీదికి ఉసిగొల్పే బ్లినాటుమోమాబ్ ఇచ్చారు. మూడేళ్లకు బతికున్నవాళ్లు కీమో వైపు 68 శాతం, రెండూ అందినవైపు 85 శాతం. అంటే నెగటివ్ వచ్చినవాళ్లలోనూ చంపాల్సిన కణాలు మిగిలే ఉన్నాయి.

లింఫాయిడ్ రకానికి మొత్తం చికిత్స రెండు మూడేళ్లు సాగడానికి కారణమిదే. చికిత్స చివరి దశలో రోజూ మెర్కాప్టోప్యూరిన్, వారానికొకసారి మెథోట్రెక్సేట్ అనే కీమో మందులు వాడతారు. మెర్కాప్టోప్యూరిన్ మాత్రల్లో వేసుకున్నవి 95 శాతానికి తగ్గితే జబ్బు తిరగబెట్టే ముప్పు పెరుగుతుందని అధ్యయనాల్లో తేలింది. మరోవైపు ఈ మందును ఒంట్లో విరిచే టీపీఎంటీ ఎంజైము బొత్తిగా పనిచేయని వాళ్లకు మామూలు మోతాదు ఇస్తే రక్తకణాలు ప్రమాదకరంగా పడిపోతాయి. వాళ్లకు దాదాపు పదో వంతు చాలు. మెథోట్రెక్సేట్‌ను పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం పోవచ్చు. వారంలో ఏ రోజు వేసుకోవాలో చీటీ మీద ఆ రోజు పేరుతో సహా రాయాలి.

అపోహ: ఎవరో ఒక మేధావి ఒక్క మందు కనిపెట్టి పిల్లల లుకేమియాను జయించాడు.

వాస్తవం: లుకేమియా పిల్లలకు ఫోలిక్ ఆమ్లానికి సంబంధించిన మందులు ఇస్తే జబ్బు ఇంకా ఉరకలేస్తోందని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ గమనించాడు. అయితే ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డుకుంటే? అడ్డుకునే అమినోప్టెరిన్ వచ్చింది లెడర్లీ అనే మందుల కంపెనీ ల్యాబ్ నుంచి, యల్లాప్రగడ సుబ్బారావు నడిపించిన బృందం చేతుల మీదుగా. 1948లో ప్రచురించిన ఫలితాల్లో 16 మంది పిల్లల్లో 10 మందికి మెరుగైంది. మెరుగు నెలల్లోనే కరిగిపోయింది.

తర్వాత మెర్కాప్టోప్యూరిన్ వచ్చింది, విన్‌క్రిస్టిన్ వచ్చింది. ఒక్కో మందుకు జబ్బు లొంగడం, మళ్లీ లేవడం. 1960ల మొదట్లో నాలుగు మందులు కలిపి ఇవ్వడం మొదలయ్యాక రెమిషన్లు నిలబడ్డాయి, కానీ జబ్బు మెదడు పొరల్లోంచి తిరగబెట్టేది. చాలా మందులు అక్కడికి చాలినంత చేరవు. అమెరికాలోని సెయింట్ జూడ్ పిల్లల ఆసుపత్రిలో డొనాల్డ్ పింకెల్ బృందం తలకు రేడియేషన్, వెన్నులోకి మెథోట్రెక్సేట్ జోడించాకే దాదాపు సగం మంది పిల్లలు దీర్ఘకాలం బతకడం మొదలైంది. ఇప్పుడు వైద్య వసతులు బాగా ఉన్న దేశాల్లో ఐదేళ్లకు బతికుండేవాళ్లు 90 శాతం దాకా ఉన్నారు. రేడియేషన్‌ను చాలామంది పిల్లలకు మానేశారు కూడా. మెదడుకు చేసే చేటు చూశాక అదీ అవసరమైన మార్పే. ఈ రంగంలోకి వచ్చేవాళ్లు ఒక మెట్టు కట్టి వెళ్లడానికి సిద్ధపడి రావాలి.

అపోహ: గాజు పాత్రలో కణాలు చచ్చాయంటే మందు దొరికినట్టే.

వాస్తవం: ముందు ఏ కణాలో చూడాలి. ల్యాబ్‌లో ఏళ్లుగా పెంచుతున్న కణజాతుల్లో కె562ను అక్యూట్ మైలాయిడ్ లుకేమియా కోసమని వాడుతుంటారు. అది క్రానిక్ మైలాయిడ్ లుకేమియా ముదిరిన రోగి నుంచి వచ్చింది. హెచ్‌ఎల్-60 అనే మరో కణజాతిని, మైలాయిడ్‌లో ఒక ఉపరకమైన ప్రోమైలోసైటిక్ రకమని చాలాకాలం పిలిచారు. ఆ రకానికి గుర్తైన 15, 17 క్రోమోజోముల మార్పిడి అందులో లేదు. పైగా హెచ్‌ఎల్-60 కణాలు డీఎంఎస్‌ఓ అనే ద్రావకానికే పరిణతి చెందుతాయి, 1.25 శాతం చాలు. మందును అదే ద్రావకంలో కరిగించి, ద్రావకం మాత్రమే కలిపిన కంట్రోల్ పెట్టకపోతే ఘనత ఎవరిదో తెలియదు. ఇక రోగి రక్తంలోని ప్రోటీన్లు మందును పట్టేసుకుంటాయి. పది శాతం సీరం ఉన్న పాత్రలో అద్భుతంగా పనిచేసిన ఎఫ్‌ఎల్‌టీ3 అనే జన్యువు మార్పును అడ్డుకునే మొదటితరం మందులు కొన్ని రోగుల్లో తేలిపోవడానికి ఇదొక కారణం.

అపోహ: ఆర్సెనిక్ లుకేమియాకు మందట, కాబట్టి ఆర్సెనిక్ పొడులు వాడొచ్చు.

వాస్తవం: పనిచేసేది శుద్ధిచేసి నరంలోకి ఎక్కించే ఆర్సెనిక్ ట్రైయాక్సైడ్, అదీ ప్రోమైలోసైటిక్ రకంలో. ఆ రకాన్ని పుట్టించే కలగలుపు ప్రోటీన్‌ను అది విరగ్గొడుతుంది. విటమిన్-ఎ నుంచి వచ్చిన అట్రాతో కలిపి ఇస్తే తక్కువ ముప్పున్న రోగుల్లో 90 శాతానికి పైగా బతుకుతారు. ప్రాణం పోయేది ఎక్కువగా మొదటి రోజుల్లో, రక్తస్రావంతో. అందుకే అనుమానం వచ్చిన గంటల్లోనే అట్రా మొదలుపెట్టాలి, జన్యు రిపోర్టు కోసం ఆగకూడదు. మొదలుపెట్టాక జ్వరం, ఆయాసం, బరువు పెరగడం కనిపిస్తే డెక్సామెథసోన్ వెంటనే ఇవ్వాలి.

అపోహ: ట్రయల్‌లో చేరితే ఉత్తి మాత్ర ఇచ్చి వదిలేస్తారు.

వాస్తవం: ఎఫ్‌ఎల్‌టీ3 మార్పును అడ్డుకునే మిడోస్టారిన్ ట్రయల్‌లో 717 మంది చేరారు. ప్లాసిబో వైపు పడినవాళ్లకూ పూర్తి కీమో అందింది. తేడా అదనపు మందు దగ్గరే. ఎఫ్‌ఎల్‌టీ3 మార్పు 1996లో బయటపడితే ఈ మందుకు అనుమతి 2017లో వచ్చింది. ఇరవై ఒక్క ఏళ్లు.

అపోహ: మూలుగ మార్పిడి చేయించుకున్నవాళ్లే ఎక్కువకాలం బతికారని రికార్డులు చెబుతున్నాయి.

వాస్తవం: మార్పిడి రెమిషన్ వచ్చిన నాలుగో నెలలో జరిగిందనుకుందాం. ఆ నాలుగు నెలల్లో జబ్బు తిరగబెట్టినవాళ్లు, చనిపోయినవాళ్లు అందరూ ‘మార్పిడి లేని’ పద్దులోకే పోతారు. మార్పిడి పద్దులో ఉన్నవాళ్లు అప్పటికే బతికి బట్టకట్టినవాళ్లు. దీన్ని సరిదిద్దడానికి ఒక పాత పద్ధతి ఉంది. తోబుట్టువు పూర్తిగా సరిపోయే అవకాశం నాలుగింట ఒకటి, అది పుట్టుకతో పడిన చీటీ లాంటిది. మార్పిడి నిజంగా జరిగిందా లేదా అన్నది పక్కనపెట్టి, సరిపోయే తోబుట్టువు ఉన్నవాళ్లను లేనివాళ్లతో పోలుస్తారు. అలాంటి తోబుట్టువు లేకపోయినా సరిపోయే బయటి దాతలు, సగం సరిపోయే బంధువులు దొరుకుతున్న ఈ రోజుల్లో ఈ పద్ధతి మునుపటంత పదును లేనిదే. ఇప్పుడైతే నాలుగో నెల దాకా రెమిషన్‌లో ఉన్నవాళ్లనే తీసుకుని, రోజుల లెక్క అక్కడి నుంచి మొదలుపెట్టాలి.