వ్యసనాల గురించి ఇళ్లలో వినిపించే మాటలు: అపోహలు - వాస్తవాలు

అనంతపురంలో మద్యం, పొగాకు, గంజాయి వ్యసనాల చికిత్స విభాగంలో కౌన్సెలర్‌గా పనిచేస్తున్నాను. రోగి మా దగ్గరకు ఆలస్యంగా రావడానికి దూరాభారం, పేదరికం కొంత కారణమైతే, ఇంట్లోనూ ఊళ్లోనూ పాతుకుపోయిన నమ్మకాలు అంతకంటే పెద్ద కారణమని నా అభిప్రాయం. పైగా వాటిలో ఏది తీసుకున్నా, దాని బరువు చివరికి ఆ ఇంటి ఆడవాళ్ల మీదనే పడుతుంది. 2019లో ఎయిమ్స్ వెలువరించిన జాతీయ సర్వే ప్రకారం మన దేశంలో మద్యానికి బానిసైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోంది.

అపోహ: అతని సంపాదన అతను తాగుతున్నాడు, ఇంకొకరికి ఏం నష్టం?

వారం కూలి అయిపోయిన తర్వాతే అసలు లెక్క మొదలవుతుంది. మొదట అంగడిలో ఖాతా పెరుగుతుంది, తరువాత భార్య కమ్మలు కుదవకు వెళతాయి, ఆ తరువాత బర్రెను కొంటామని చెప్పి ఆమె పేరు మీద డ్వాక్రా అప్పు తీసుకుంటారు. ఆ డబ్బు ఎటు పోయిందో సంఘంలో అందరికీ తెలుసు, కానీ నెలనెలా కంతు కట్టవలసినది ఆమె. కట్టలేకపోతే మిగతా సభ్యులకు కొత్త అప్పు పుట్టడం కష్టమవుతుంది గనుక, నిన్నటిదాకా చేదోడుగా ఉన్న ఆడవాళ్లే ఆమెను నిలదీస్తారు. కర్నూలు జిల్లా పడమటి మండలాల నుంచి గుంటూరు మిరప తోటలకు సుగ్గికి (వలస కూలికి) వెళ్లే కుటుంబాలలో ఇది మరో రూపంలో కనిపిస్తుంది. పెద్దవాళ్ల కూలి అప్పుకు చాలనప్పుడు బడి మానిపించి పిల్లలనూ వెంట తీసుకుపోతారు. ఊరు దాన్ని వలస అనే అంటుంది తప్ప, దాని వెనక ఉన్న సీసాను లెక్కలోకి తీసుకోదు.

అపోహ: పెళ్లి చేస్తే దారికి వస్తాడు.

రాడు. సంగతి దాచిపెట్టి పెళ్లి చేసిన పెద్దలే, ఏడాది తిరగకముందే, మొగుణ్ని అదుపులో పెట్టుకోవడం కోడలికి చేతకాలేదని అంటారు.

అపోహ: తాగుడు మానితే కొట్టడం కూడా దానంతటదే ఆగిపోతుంది.

ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం, భర్త తరచూ తప్పతాగే స్త్రీలలో 70 శాతం మంది అతని చేతిలో శారీరక లేదా లైంగిక హింసను అనుభవించారు. భర్తకు తాగే అలవాటే లేని స్త్రీలలో అది 23 శాతం. మొదటి సంఖ్యను అందరూ చూపిస్తారు, నేను రెండోదాన్ని కూడా చూడమంటాను. మద్యం హింసను బాగా పెంచుతుందన్నది నిజమే గానీ, భార్యను కొట్టవచ్చునన్న నమ్మకం మద్యం లేకుండా కూడా బతుకుతుంది. కాబట్టి చికిత్స పూర్తయ్యేదాకా ఓర్చుకోమని ఆమెకు చెప్పడం తప్పు. 2005 నాటి గృహహింస చట్టం రక్షణ, 181 మహిళా హెల్ప్‌లైన్ సహాయం భర్త మందు మానేంతవరకు వేచి చూడవలసినవి కావు.

అపోహ: తాగుడు మానిన రెండో రోజే పిచ్చిమాటలు మాట్లాడుతున్నాడు, గాలి సోకింది.

దీనివల్ల ప్రాణాలు పోతాయి. ఏళ్ల తరబడి రోజూ తాగినవారు ఒక్కసారిగా ఆపితే కొన్ని గంటలలోనే వణుకు, చెమటలు మొదలవుతాయి. మొదటి రెండు రోజులలో మూర్ఛ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య కొందరికి మతి తప్పుతుంది. గోడ మీద లేని పురుగులను తుడుస్తారు, వేళ్ల మధ్య లేని బీడీని వెలిగిస్తారు; బేల్దారి పనివాడైతే మంచం మీద కూర్చుని గాలిలో ఇటుకలు పేరుస్తున్నట్టు చేతులు ఆడిస్తాడు. చూసినవాళ్లు దయ్యమని భయపడి తాయెత్తు కోసం పరుగెత్తడంలో ఆశ్చర్యం లేదు, కానీ అది అత్యవసరంగా ఆసుపత్రిలో చేర్చవలసిన స్థితి. నీరసం తగ్గడానికి ఊళ్లోనే గ్లూకోజ్ ఎక్కించమనేవాళ్లకు ఒక హెచ్చరిక: థయమిన్ (విటమిన్ బి1) ఇవ్వకుండా వట్టి గ్లూకోజ్ ఎక్కిస్తే ఇలాంటివారి మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది.

అపోహ: అతనికి తెలియకుండా సాంబారులో మాత్ర కలిపితే సరిపోతుంది.

సాధారణంగా ఇలా కలిపేది తాగుడు మాన్పించడానికి వాడే డైసల్ఫిరామ్ అనే మందు. అది ఒంట్లో ఉండగా తాగితే ముఖం ఎర్రబడి, గుండె దడదడలాడి, వాంతులై, రక్తపోటు పడిపోతుంది. గుండె జబ్బు ఉన్నవారు చనిపోవచ్చు కూడా. చివరిసారి తాగి కనీసం 12 గంటలు గడిచాక, రోగికి అన్నీ చెప్పి, అతని సమ్మతితోనే ఇవ్వవలసిన మాత్ర ఇది. రహస్యం బయటపడిన నాటి నుంచి అతడు భార్య వండిన అన్నం ముట్టడు, మా మాటా నమ్మడు. ఆ మాత్రను ఆమె చేతికి ఇచ్చి పంపిన వ్యక్తి మాత్రం ఆ సమయానికి ఎక్కడా కనిపించడు.

అపోహ: మాల వేసుకుంటే నలభై ఒక్క రోజులు మానగలిగాడు, అంటే మిగతా రోజులలో కావాలనే తాగుతున్నాడు.

ఈ మాట చదువుకున్నవాళ్లూ అంటారు. అయ్యప్ప మాల సంగతి అందరికీ తెలిసిందే. మా జిల్లాలో బొమ్మనహాళ్ మండలం ఉంతకల్లు పాండురంగస్వామి గుడికి మద్యం మానాలన్న కోరికతోనే మాల వేసుకోవడానికి వెళ్లేవాళ్లున్నారు. దీన్ని మూఢనమ్మకమని కొట్టిపారేసేవాళ్లతో నేను ఏకీభవించను. దీక్షలో ఏం జరుగుతుందో గమనించండి: తెల్లవారుజామునే స్నానం, వేళకు భోజనం, తాగే స్నేహితులకు దూరం, సాయంత్రం భజనకు తోడు, అన్నిటికంటే ముఖ్యంగా నిన్నటిదాకా తాగుబోతన్న మనిషిని ఊరంతా స్వామీ అని పిలవడం. చికిత్సలో మేము నెలల తరబడి కూడగట్టాలని చూసేవి సరిగ్గా ఇవే. మాల తీసిన రోజునే ఇవన్నీ ఒక్కసారిగా తొలగిపోతాయి, మెదడులోని తపన మాత్రం అంత త్వరగా పోదు. కనుక దీక్ష చేయాలనుకునేవారు ముందుగా డాక్టరును కలిసి వణుకు, మూర్ఛ రాకుండా మందులు తీసుకోవాలి. మాల తీసే వారంలోనే మళ్లీ మా దగ్గరకు రావాలి.

అపోహ: ఆకువక్కలో పొగాకు వేసుకోవడం పెద్దవాళ్ల అలవాటే, వ్యసనం కాదు.

నికోటిన్ ఏ రూపంలో అయినా నికోటినే. 2016-17 జాతీయ పొగాకు సర్వేలో పొగతాగే పెద్దలు 10.7 శాతమైతే, పొగలేని పొగాకు వాడేవారు 21.4 శాతం. నోటి క్యాన్సర్‌కు ప్రధాన కారణాలలో ఇదొకటి.

అపోహ: కొడుకు గంజాయి సంగతి ఆసుపత్రిలో చెబితే పోలీసు కేసవుతుంది.

ఈ భయంతోనే తల్లిదండ్రులు బిడ్డను బెంగళూరులోని బంధువుల ఇంటికి పంపి ఊరుకుంటారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం చికిత్స వివరాలను గోప్యంగా ఉంచడం మా బాధ్యత. 1985 నాటి ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల) చట్టంలోని 64ఎ సెక్షన్, సొంత వాడకం లేదా స్వల్ప పరిమాణం కేసులో చిక్కిన బానిస తనంతట తానుగా చికిత్సకు ముందుకు వస్తే ప్రాసిక్యూషన్ నుంచి మినహాయింపు ఇస్తుంది. చికిత్సను మధ్యలో వదిలేస్తే ఆ మినహాయింపును రద్దు చేయవచ్చు. అమ్మకం చేసేవారికి ఇది వర్తించదు.

అపోహ: చికిత్స తర్వాత మళ్లీ తాగాడంటే పెట్టిన ఖర్చంతా దండగ.

బీపీ మళ్లీ పెరిగిందని ఎవరూ మాత్రలు పారేయరు. మళ్లీ తాగిన మనిషిని ఆ వారంలోనే తీసుకువస్తే, కూలి దొరికిన రోజునా, దాయాదుల గొడవ జరిగిన రోజునా, బావమరిది పెళ్లిలోనా, ఎక్కడ జారాడో అతనికి ఇంకా గుర్తుంటుంది, ఆ ఒక్క సందర్భం మీద పని చేయడానికి మాకు వీలవుతుంది. ఆరు నెలల తర్వాత వస్తే మళ్లీ మొదటి నుంచి వణుకు తగ్గించడంతోనే ప్రారంభించవలసి వస్తుంది. రావడానికి బస్సు ఛార్జీ లేకపోతే వ్యసన విముక్తి హెల్ప్‌లైన్ 14446కు గానీ, మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు గానీ ఉచితంగా ఫోన్ చేయవచ్చు. అతడు మాట్లాడనంటే భార్య అయినా, తల్లి అయినా తమ కోసం తాము మాట్లాడవచ్చు.