‘లవ్‌లెస్’ ఆల్బమ్ తయారీ, కీర్తి: అపోహలు - వాస్తవాలు

గిటార్ భుజాన వేసుకుని మా స్టూడియోకు వచ్చే యువకులు తమకు కావలసిన శబ్దం ఎలా ఉండాలో చెప్పడానికి ఫోన్‌లో వినిపించే ఆల్బమ్‌లలో ‘లవ్‌లెస్’ తరచుగా ఉంటుంది. మై బ్లడీ వాలెంటైన్ బృందం చేసిన ఈ ఆల్బమ్‌ను లండన్‌కు చెందిన క్రియేషన్ రికార్డ్స్ సంస్థ 1991 నవంబరు 4న విడుదల చేసింది. అందులో 11 పాటలు ఉన్నాయి, మొత్తం నిడివి 48 నిమిషాల పైచిలుకు. గిటార్ శబ్దం మంచులా అలుముకొని, గొంతులు దాని వెనుక నుంచి లీలగా వినిపించే షూగేజ్ శైలికి దీనినే గీటురాయిగా చెబుతారు. దీని తయారీ గురించి ప్రచారంలో ఉన్న కథలన్నీ లెక్కల కథలే కావడం నాకు వింతగా అనిపిస్తుంది: ఇన్ని గిటార్లట, ఇన్ని పెడల్సట, ఇంత డబ్బట, ఇన్నేళ్లట. మిక్సింగ్ బల్ల ముందు చాలా ఏళ్లు కూర్చున్నవాడిగా నాకు మాత్రం ఈ ఆల్బమ్ అంతటా తీసివేతే వినిపిస్తుంది. ఆ ఉద్దేశంతోనే కొన్ని అపోహలను ఇక్కడ ఒక్కొక్కటిగా పరిశీలిస్తున్నాను.

అపోహ: వందల కొద్దీ గిటార్ ట్రాక్‌లను (విడివిడిగా రికార్డు చేసిన వరుసలను) ఒకదానిపై ఒకటి పేర్చితే ఆ శబ్దం వచ్చింది.

వాస్తవం: బృందానికి సారథి, ఆల్బమ్‌లోని గిటార్లన్నీ వాయించినవాడు కెవిన్ షీల్డ్స్. సగటు బృందం నమూనాగా చేసుకునే రికార్డింగులో ఉండే గిటార్ ట్రాక్‌ల కన్నా తన పాటల్లో ఉన్నవి తక్కువేనని అతడు పలుమార్లు చెప్పాడు. ఇది వినయం కొద్దీ అన్న మాట కాదని ప్రయత్నించి చూసినవారికి తెలుస్తుంది. ఇరవై ఏళ్ల వయసులో నేనూ ఒకే వరుసను పన్నెండుసార్లు వాయించి పేర్చి చూశాను, చివరికి మిగిలింది బురద. దానికి కారణం సులువుగానే అర్థమవుతుంది. ప్రతిసారీ స్వరం వంగే తీరు కొద్దికొద్దిగా మారుతుంది కనుక, అన్నింటినీ కలిపినప్పుడు ఆ వంపులన్నీ ఒకదానినొకటి చెరిపేసుకొని, కదలిక లేని ముద్దగా మారిపోతాయి. ‘లవ్‌లెస్’లో మనల్ని ఊపేది ఆ కదలికే, అది ఒకటి రెండు గిటార్లలో ఉన్నప్పుడే చెవికి స్పష్టంగా అందుతుంది.

ఆ కదలిక పుట్టే పద్ధతిని ‘గ్లైడ్ గిటార్’ అంటారు. ఫెండర్ కంపెనీ తయారుచేసే జాజ్‌మాస్టర్, జాగ్వార్ గిటార్లకు కింది భాగంలో ఒక లోహపు కడ్డీ ఉంటుంది, దానిని నొక్కితే తీగలన్నీ కలిసి వదులై స్వరం దిగుతుంది. మామూలుగా వాయిద్యకారులు ముందు మీటి, ఆ తర్వాత కడ్డీని కదుపుతారు. షీల్డ్స్ ఆ కడ్డీని గుప్పిట్లోనే ఉంచుకొని, అదే చేత్తో తీగలను మీటుతాడు. దానివల్ల ప్రతి మీటుకూ కార్డ్ (ఒకేసారి మోగే స్వరాల గుంపు) మొత్తం సన్నగా దిగి మళ్లీ పైకి తేలుతుంది. పైగా అన్ని తీగలూ ఒకే మేరకు దిగవు, తీగ మందాన్ని బట్టి, బిగువును బట్టి ఒక్కొక్కటి ఒక్కో మేరకు దిగుతుంది. కాబట్టి కార్డ్ లోపలి స్వరాల మధ్య దూరాలు కూడా క్షణక్షణం మారుతూ ఉంటాయి. చెవి ఏ ఒక్క స్వరాన్నీ గట్టిగా పట్టుకోలేదు, అందుకే అక్కడ ఎన్నో గిటార్లు ఉన్నాయని పొరబడుతుంది. కర్ణాటక సంగీతం తెలిసినవారికి ‘జారు’ గమకం గుర్తుకు రావచ్చు. అయితే వీణ మీద వైణికుడు ఒక స్వరాన్ని జారుస్తాడు, ఇక్కడ తీగలన్నీ ఒక్కపెట్టున జారతాయి. (ఆ కడ్డీని ట్రెమొలో ఆర్మ్ అనడం కూడా ఒక పాత పొరపాటే. స్వరస్థాయి ఊగడం విబ్రాటో, శబ్ద తీవ్రత తగ్గుతూ పెరుగుతూ ఉండడం ట్రెమొలో. లియో ఫెండర్ పెట్టిన ఆ పేరు స్థిరపడిపోయింది, ఈ బృందం 1991 ఫిబ్రవరిలో తెచ్చిన ఈపీకి, అంటే కొద్ది పాటల చిన్న రికార్డుకు, కూడా ‘ట్రెమొలో’ అనే పేరు పెట్టింది.)

అపోహ: నేల నిండా పరిచిన పెడల్స్ (కాలితో నొక్కి గిటార్ శబ్దాన్ని మార్చే చిన్న పెట్టెలు) లేనిదే ఆ శబ్దం రాదు.

వాస్తవం: ఈనాడు షీల్డ్స్ కచేరీ వేదిక మీద కనిపించే పెడల్స్ గుట్టను చూసినవారు ఆ మాట నమ్మడంలో ఆశ్చర్యం లేదు. ఆల్బమ్ చేసిన రోజులలో మాత్రం, అదే కాలపు ఇతర బృందాలు విరివిగా వాడిన కోరస్, ఫ్లాంజర్ వంటి, శబ్దాన్ని యంత్రంతో ఊగించే ఎఫెక్ట్స్‌ను అతడు పక్కన పెట్టాడు. ఊగిసలాట అంతా చేతిలోనే ఉండాలన్నది అతడి పట్టుదల. వాడిన ముఖ్యమైన యంత్రం యమహా ఎస్‌పీఎక్స్ 90 అనే డిజిటల్ పెట్టె, అందులోని రివర్స్ రివర్బ్ అమరిక. సహజమైన రివర్బ్, అంటే గుడి మండపంలో చప్పట్లు కొడితే వినిపించే మారుమోత, మొదట బలంగా ఉండి క్రమంగా సన్నగిల్లుతుంది. రివర్స్ రివర్బ్‌లో అది తలకిందులవుతుంది: మోత సన్నగా మొదలై పెరుగుతూ వచ్చి టక్కున ఆగిపోతుంది. అసలు గిటార్ ధ్వనిని పూర్తిగా తీసేసి ఈ మోతను మాత్రమే ఉంచితే తీగ మీద మీటు పడిన చప్పుడు మాయమవుతుంది. వాద్యాన్ని మన చెవి గుర్తుపట్టేది చాలావరకు ఆ మొదటి చప్పుడు ద్వారానే కనుక, అది లేనప్పుడు గిటార్ అన్న ఆనవాలే చెరిగిపోతుంది.

కొన్ని పాటల్లో వేణువులాగా, సింథసైజర్‌లాగా తోచే వరుసలు కూడా చాలావరకు గిటార్ ఫీడ్‌బ్యాక్ (స్పీకర్ శబ్దం తిరిగి గిటార్‌లోకి చేరి సాగే మోత) నుంచి వచ్చినవే. ఆ ఫీడ్‌బ్యాక్‌ను సాంప్లర్ అనే, ధ్వని ముక్కలను దాచి తిరిగి మోగించే యంత్రంలో నిల్వ చేసి, కీబోర్డు మీద స్వరాలుగా వాయించారు. ఇంకొక సంగతి మా వృత్తిలోని వారిని కూడా ఆశ్చర్యపరుస్తుంది. ఇంత విశాలంగా వినిపించే ఆల్బమ్‌లో గిటార్లు ఎక్కువగా నట్టనడుమ, దాదాపు మోనోలో (రెండు స్పీకర్లలోనూ ఒకే ధ్వనిగా) ఉన్నాయి. ఎడమకొకటి కుడికొకటి గిటార్‌ను పరిచి విస్తారం తెచ్చే మా మామూలు ఉపాయాన్ని షీల్డ్స్ వదిలేశాడు.

అపోహ: గొంతులను సరిగా రికార్డు చేయలేదు, లేదా మిక్సింగ్‌లో పొరపాటున తగ్గిపోయాయి.

వాస్తవం: ఈ ఆల్బమ్‌లో అన్నింటికన్నా ఓపికగా చేసిన పని గొంతులదే కావచ్చునని నేను అనుకుంటాను. 1991 మే, జూన్ నెలల్లో బ్రిటానియా రో, ప్రొటోకాల్ స్టూడియోలలో షీల్డ్స్, బృందంలోని గాయని బిలిండా బుచర్ పాడారు. పాడే గదికీ కంట్రోల్ రూమ్‌కూ నడుమ ఉండే అద్దానికి తెరలు వేసేశారు. పాడుతుండగా వినడానికి ఇంజనీర్లకు అనుమతి లేదు. టేపు యంత్రం మీది మీటర్ల ముల్లును చూస్తూ, అది కదలడం ఆగితే పాట ఆగిందని గ్రహించి టేపును వెనక్కి తిప్పాల్సి వచ్చేదని అక్కడ పనిచేసిన గై ఫిక్సెన్ తర్వాత వివరించాడు. పాడినది నచ్చితే తెర తొలగించి చెయ్యి ఊపేవారట. బుచర్ పాడినది చాలాసార్లు తెల్లవారాక, అప్పుడే కునుకు పట్టి లేచిన వేళల్లోనే. ఆ నిద్రమత్తు కావాలని చేర్చిన ఎఫెక్ట్ కాదు, నిజమైన నిద్రమత్తే. ఒకే పాటను అనేకమార్లు పాడి, ఆ ట్రాక్‌లన్నింటినీ కలిపి వినిపించడం వల్ల హల్లుల పదును అరిగిపోయి అచ్చుల మెత్తదనం మిగిలింది. గిటార్ల విషయంలో బెడిసికొట్టే పేర్పు గొంతుల విషయంలో ఎందుకు ఫలించిందంటే, అక్కడ పదును పోవడమే వారికి కావలసింది.

సాహిత్యం సంగతి ఇంకా సరదాగా ఉంటుంది. ముందు షీల్డ్స్ ఏవో శబ్దాలతో వరుస పాడితే, ఆ టేపు విని అతడు ఏమన్నాడని తనకు అనిపించిందో ఆ మాటలను బుచర్ రాసుకునేదని ఇంజనీర్ అంజలి దత్ గుర్తుచేసుకుంది. ఆల్బమ్‌లోని సాహిత్యంలో మూడో వంతు దాకా బుచర్ రాసిందే. వినేవాళ్లకు మాటలు అందలేదని మనం ఫిర్యాదు చేస్తాం కానీ, రాసిన మనిషికే అవి సగం అలా వినిపించి పుట్టాయి.

అపోహ: నలుగురూ కలిసి గదిలో వాయించిన మోత ఇది, లేదంటే డ్రమ్స్ అన్నీ యంత్రం వాయించినవి.

వాస్తవం: ఈ రెండు మాటలూ సరికావు. కవరు మీద పేరు ఉన్నప్పటికీ బృందపు బేస్ గిటారిస్టు డెబీ గూజ్ ఇందులో వాయించలేదు, బేస్ కూడా షీల్డ్స్‌దే. డ్రమ్మర్ కోల్మ్ ఓ కీసోగ్ ఆ కాలంలో ఆరోగ్యపరంగా, వ్యక్తిగతంగా ఇబ్బందుల్లో ఉన్నాడు. అతడు వాయించగలిగిన చిన్న చిన్న ముక్కలను సాంప్లర్‌లోకి తీసుకొని, అతడే అయితే ఎలా వాయించేవాడో ఆ తీరున కూర్చారు. రెండు పాటల్లో మాత్రం అతడు నేరుగా వాయించాడు, ‘టచ్డ్’ అనే చిన్న వాద్యరచన పూర్తిగా అతడిదే.

అపోహ: ఈ ఆల్బమ్ ఖర్చు క్రియేషన్ సంస్థ పుట్టి ముంచింది.

వాస్తవం: ఐదు రోజుల్లో రికార్డింగ్ ముగుస్తుందని క్రియేషన్ మొదట భావించింది. అది 1989లో మొదలై 1991 దాకా, 19 స్టూడియోల మీదుగా సాగింది. సంస్థ వైపు నుంచి వ్యాప్తిలోకి వచ్చిన లెక్క 2,50,000 పౌండ్లు. స్టూడియోల అద్దెలు, ఇంజనీర్ల రోజు కూలీ అన్నీ వేసి చూసుకున్నా 1,60,000 పౌండ్లకు మించలేదనీ, అందులోనూ చాలా భాగం అన్నేళ్లు తాము తిని బతకడానికి అయినదేననీ షీల్డ్స్ వాదించాడు. మధ్యలో రెండు ఈపీలు విడుదల చేసి, కచేరీ యాత్రలకు కూడా వెళ్లారన్న సంగతిని ‘రెండేళ్లు స్టూడియోలోనే’ అనే కథ మింగేస్తుంది. సంస్థ దివాలా తీయలేదు. అప్పటికే అప్పులతో నడుస్తున్న క్రియేషన్ 1992లో సగం వాటాను సోనీకి అమ్మింది, మరుసటి ఏడాది ఒయాసిస్ బృందంతో ఒప్పందం చేసుకుంది. మై బ్లడీ వాలెంటైన్‌ను మాత్రం వదులుకుంది, ఆ బృందం ఐలాండ్ సంస్థకు వెళ్లింది. ఎవరి లెక్క సరైనదో తేల్చే చిట్టా ఏదీ బయటికి రాలేదు కాబట్టి, ఆ పెద్ద అంకెను రుజువైన సంగతిలా రాయడం తగదు.

ఖర్చు పెరగడంలో మా వృత్తికీ వాటా ఉందని ఒప్పుకోవాలి. కవరు మీద 16 మంది ఇంజనీర్ల పేర్లు కనిపిస్తాయి. టీ కాచిపెట్టిన వారి పేరు కూడా వేశామని షీల్డ్స్ తర్వాత చెప్పాడు. ఆలన్ మోల్డర్, ఆపైన అంజలి దత్ మినహా తక్కినవారు చాలావరకు స్టూడియోతో పాటు వచ్చినవారే, బృందం కోరిన ప్రతిదీ తప్పేనని వారు అనేవారట. మీటు చప్పుడు లేని గిటార్, నడుమనే ఉండిపోయిన మిక్స్, వినిపించని గొంతు కావాలని ఎవరైనా అడిగితే, ఆ రోజుల్లో నేనూ బహుశా ‘తప్పు’ అనే అనేవాణ్ని. చివరి మెట్టు అయిన మాస్టరింగ్‌కు కూడా మామూలుగా ఒక రోజు పడితే, దీనికి 13 రోజులు పట్టింది. సినిమాల సంభాషణలు కూర్చడానికి 1970లలో వాడిన పాత యంత్రం మీద ఎడిటింగ్ చేస్తుండగా ఆల్బమ్ మొత్తం ఫేజ్ (ధ్వని తరంగాల పొందిక) తప్పింది, షీల్డ్స్ దానిని జ్ఞాపకం మీద ఆధారపడి మళ్లీ సరిచేశాడు.

అపోహ: విడుదలైనప్పుడు విమర్శకులు తిట్టిపోశారు, తర్వాతి తరం దీనిని తవ్వి తీసింది.

వాస్తవం: ఇది వేరే ఆల్బమ్ కథను తెచ్చి దీనికి అంటగట్టడం. ‘లవ్‌లెస్’కు తొలి వారాల నుంచే మంచి సమీక్షలు వచ్చాయి, చివరి పాట ‘సూన్’ అంతకు ముందే 1990లో ‘గ్లైడర్’ ఈపీలో వచ్చి, పేరున్న సంగీతకారుడు, నిర్మాత బ్రయన్ ఈనో మెప్పు పొందింది. అమ్మకాలు మాత్రం ఓ మోస్తరుగానే ఉన్నాయి, బ్రిటన్ పట్టికలో 24వ స్థానం దాటలేదు. మారినది ఆదరణ విస్తృతి. పిచ్‌ఫోర్క్ అనే సంగీత వెబ్‌సైట్ 1999లో ఆ దశాబ్దపు ఆల్బమ్‌లలో దీనికి మొదటి స్థానం ఇచ్చింది, 2003లో మరోసారి వేసిన జాబితాలో రెండో స్థానానికి దించింది, 2022లో తిరిగి మొదటి స్థానంలో నిలిపింది. రోలింగ్ స్టోన్ పత్రిక 500 ఆల్బమ్‌ల జాబితాలో 2003లో 219వ స్థానంలో ఉన్నది 2020 నాటికి 73కు చేరింది.

నిజంగా తిట్లు తిని లేచినది స్లోడైవ్ బృందం 1993లో అదే క్రియేషన్ నుంచి తెచ్చిన ‘సువ్లాకీ’. దానిలో రెండు పాటలకు అదే ఈనో చెయ్యి వేసినా బ్రిటిష్ సంగీత పత్రికలు కరుణించలేదు, ఎందుకంటే అప్పటికి వాటి మోజు వేరే బృందాల మీదికి మళ్లింది. ఆల్బమ్ 51వ స్థానంలో ఆగిపోయింది. 1995లో మూడో ఆల్బమ్ వచ్చిన కొద్ది రోజులకే సంస్థ వారిని వదిలేసింది. 2014లో బృందం మళ్లీ కలిసేసరికి వారి కోసం ఎదురుచూస్తున్న శ్రోతలు మొదటి దఫా కన్నా ఎక్కువ మంది ఉన్నారు, 2023లో వచ్చిన ఆల్బమ్ బ్రిటన్‌లో తొలి పది స్థానాల్లో నిలిచింది. ఈ రెండు ఆల్బమ్‌ల గతిని ఒకటిగా కలిపి చెప్పడం వల్ల ‘సువ్లాకీ’ పడిన అవమానం బరువు తెలియకుండా పోతోంది.

షూగేజ్ (బూట్ల కేసి చూడడం) అనే మాట పెడల్స్ కేసి చూడడం నుంచి వచ్చిందనేది కూడా సగమే నిజం. మూస్ అనే బృందపు గాయకుడు నేల మీద అంటించుకున్న పాటల కాగితాలను చూస్తూ పాడడాన్ని ఒక సమీక్షకుడు ఎద్దేవా చేయడంతో ఆ మాట మొదలైంది.

అపోహ: అనలాగ్ టేపు నుంచి చేసిన ప్రతిలో వింటేనే అసలైన ‘లవ్‌లెస్’ తెలుస్తుంది.

వాస్తవం: 2012లో షీల్డ్స్ స్వయంగా రెండు సీడీలతో కొత్త ప్రతిని తెచ్చాడు. ఒకటి పాత డిజిటల్ మాస్టర్ నుంచి, మరొకటి అర అంగుళం అనలాగ్ టేపుల నుంచి చేసినది. ముద్రణలో ఆ రెండింటి పేర్లు తారుమారయ్యాయి. అనలాగ్ అన్న పేరు చూసి ఆ వెచ్చదనానికి మురిసినవారు విన్నది డిజిటల్ ప్రతిని, డిజిటల్ కరకుగా ఉందని పక్కన పెట్టినవారి చేతిలో ఉన్నది టేపు నుంచి వచ్చినది. నా దగ్గర ఉన్న జతలో ఏది ఏదో చూసి చెప్పలేక, సీడీల మీద పెన్నుతో గుర్తు పెట్టుకున్నాను.